సీటు వచ్చింది సరే, మొదటి సెమిస్టర్ సంగతేంటి?

సంపాదకులకు నమస్కారం.

అమెరికా చదువుల మీద మన పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు సీటు రావడంతోనే ఆగిపోతాయి. డాలస్ చుట్టుపక్కల మన కుటుంబాల్లో పిల్లల్ని రెండేళ్లు కాలిన్ కాలేజీ, డాలస్ కాలేజీ లాంటి కమ్యూనిటీ కాలేజీలో (ఫీజు తక్కువుండే రెండేళ్ల కాలేజీ) చదివించి, ఆ తర్వాత రిచర్డ్‌సన్‌లోని యూటీ డాలస్ యూనివర్సిటీ బిజినెస్ విభాగమైన జిందాల్ స్కూల్‌కో, డెంటన్‌లోని నార్త్ టెక్సస్ యూనివర్సిటీకో పంపడం మామూలే. ఫీజు ఆదా అవుతుంది కాబట్టి ఇది తెలివైన దారే. చిక్కంతా మారిన తర్వాత వచ్చే మొదటి సెమిస్టర్‌లోనే ఉంది. ఏటా అవే పొరపాట్లు జరుగుతున్నాయి గనుక ఈ లేఖ రాస్తున్నాం.

అన్నిటికంటే పెద్ద అపోహ క్రెడిట్ల (ఒక్కో కోర్సుకు ఇచ్చే పాయింట్లు) గురించే. ‘60 క్రెడిట్లు తీసుకున్నారు, ఇంకో 60 చేస్తే 120, డిగ్రీ అయిపోతుంది’ అని ఇంట్లో లెక్కలేసుకుంటారు. యూనివర్సిటీ క్రెడిట్లు తీసుకోవడం వేరు, అవి బిజినెస్ డిగ్రీలో లెక్కకు రావడం వేరు. డిగ్రీకి ఏయే కోర్సులు లెక్కకొచ్చాయో చూపే డిగ్రీ ఆడిట్ తెరిచి కింది దాకా చూడండి. ఏ గడిలోనూ ఇమడని కోర్సులన్నీ చివర ఫ్రీ ఎలెక్టివ్‌ల (ఏ సబ్జెక్టైనా చెల్లే ఐచ్ఛిక కోర్సుల) కింద పోగుపడి ఉంటాయి. ఆ పోగులో మూడు నాలుగు కోర్సులు కనిపిస్తే ఒక సెమిస్టర్ అదనంగా పడినట్టే.

అలా ఎందుకవుతుందో కోర్సు నంబరే చెబుతుంది. టెక్సస్‌లో ఉమ్మడి కోర్సు నంబర్ల పద్ధతి ఉంది. నాలుగంకెల నంబరులో మొదటి అంకె కోర్సు స్థాయి, రెండోది క్రెడిట్లు. ఏసీసీటీ (అకౌంటింగ్) 2301 అంటే రెండో ఏడాది స్థాయి, మూడు క్రెడిట్లు. కమ్యూనిటీ కాలేజీలో చేసినవి 1000, 2000 స్థాయివే. మేనేజ్‌మెంట్, మార్కెటింగ్ లాంటి సబ్జెక్టులు యూనివర్సిటీలో 3000 స్థాయిలో ఉంటాయి. పేరూ పుస్తకమూ ఒకటే అయినా కింది స్థాయి కోర్సు పై స్థాయికి బదులు రాదు. దానికి తోడు చాలా బిజినెస్ స్కూళ్లు బిజినెస్ క్రెడిట్లలో కనీసం సగం తమ దగ్గరే చేయాలంటాయి. అందుకే కమ్యూనిటీ కాలేజీలో బిజినెస్ అని పేరున్న ప్రతి కోర్సూ చేసేయడం మంచి ఆలోచన కాదు.

అక్కడ తప్పనిసరిగా పూర్తి చేయాల్సినవి కొన్నే. ఫైనాన్షియల్ అకౌంటింగ్ (2301), మేనేజీరియల్ అకౌంటింగ్ (2302), ఎకనామిక్స్‌లో మాక్రో (2301), మైక్రో (2302), మ్యాథ్స్ 1324, బిజినెస్ కాల్‌క్యులస్ అయిన మ్యాథ్స్ 1325. స్టాటిస్టిక్స్ ఎక్కడ చేయాలన్నది ఒక్కో స్కూల్లో ఒక్కో రకం, అడగాల్సిందే. పిల్లలు ఎక్కువగా వాయిదా వేసేవి కాల్‌క్యులస్, మేనేజీరియల్ అకౌంటింగ్. ఇందులో ఒక్కటి మిగిలిపోయినా పై కోర్సులకు తలుపు మూసుకుంటుంది. అకౌంటింగ్ మేజర్‌నే తీసుకోండి. ఇంటర్మీడియట్ అకౌంటింగ్ ఒకటో భాగం, రెండో భాగం, ఆ తర్వాత ఆడిటింగ్, అన్నీ వరస తప్పకుండా చేయాల్సినవి. ఇలా కాలేజీ మారి వచ్చిన ట్రాన్స్‌ఫర్ విద్యార్థి చేతిలో ఉండేది నాలుగు సెమిస్టర్లే. మొదటి సెమిస్టర్‌లో వరస మొదలవకపోతే మిగతాదంతా వెనక్కి జరుగుతుంది.

ఇక కాగితాలు. పాత కాలేజీలో చివరి సెమిస్టర్ నడుస్తుండగానే అడ్మిషన్ వస్తుంది, నడుస్తున్న కోర్సుల ఆధారంగానే కొత్త కోర్సులకు రిజిస్టర్ చేసుకోనిస్తారు. ఆ గ్రేడ్లతో ఫైనల్ ట్రాన్‌స్క్రిప్ట్ (కాలేజీ ఇచ్చే మార్కుల పత్రం) పంపకపోతే కోర్సుల్లోంచి తీసేయవచ్చు. గ్రేడ్లు పడకముందే ట్రాన్‌స్క్రిప్ట్ ఆర్డర్ పెట్టి, పంపేశామని నిశ్చింతగా ఉండేవాళ్లు ఏటా ఉంటారు. ఆర్డర్ పెట్టేటప్పుడు ‘గ్రేడ్లు వచ్చాక పంపండి’ అన్న గడిలో టిక్ పెట్టాలి, అంతే. రెండోది మెనింజైటిస్ టీకా. టెక్సస్ చట్టం ప్రకారం 22 ఏళ్లు నిండని కొత్త విద్యార్థి, ట్రాన్స్‌ఫర్ అయినా సరే, గత అయిదేళ్లలో ఆ టీకా వేయించుకున్నట్టు, అదీ క్లాసులు మొదలయ్యేందుకు కనీసం పది రోజుల ముందే వేయించుకున్నట్టు రుజువు చూపాలి. పదకొండేళ్లప్పుడు వేయించిన టీకా ఇరవయ్యేళ్లకు లెక్కలోకి రాదు. చూపకపోతే రిజిస్ట్రేషన్ మీద హోల్డ్ పడుతుంది, అంటే ఆగిపోతుంది, అది తీయించుకునేలోగా మంచి సెక్షన్లు నిండిపోతాయి.

మొదటి సెమిస్టర్‌లో నాలుగు కోర్సులు చాలని మా అభిప్రాయం. ఇంటర్మీడియట్ అకౌంటింగ్, ఫైనాన్స్, స్టాటిస్టిక్స్ మూడూ ఒకేసారి వద్దు, రెండు చాలు. పాత కాలేజీ క్రెడిట్లు వస్తాయి గానీ చాలాచోట్ల పాత గ్రేడ్లు కొత్త జీపీఏలో (గ్రేడ్ల సగటులో) కలవవు. 3.9తో వచ్చిన పిల్లాడికీ లెక్క సున్నా నుంచే మొదలు. మూడేసి క్రెడిట్ల నాలుగు కోర్సుల్లో ఏ, ఏ, బీ, సీ వస్తే (ఏకు 4, బీకి 3, సీకి 2 పాయింట్లు) జీపీఏ 3.25. ఆ సీ కాస్తా బీ అయితే 3.5. తర్వాతి సెప్టెంబరులో కంపెనీలు చూసేది ఈ అంకెనే, దాన్ని పైకి లాగడానికి మధ్యలో మిగిలేది ఒక్క సెమిస్టరే. రెజ్యూమెలో పాత కాలేజీ పేరు, అక్కడి జీపీఏ విడిగా ఒక వరుసలో వేసుకోవడంలో తప్పేమీ లేదు.

అకౌంటింగ్‌లో తడబడేవాళ్లు కొత్త పాఠం దగ్గర కాదు, పాతదాని దగ్గరే తడబడతారు. 2301 చేసి ఏడాదిన్నర దాటిపోయి ఉంటుంది. ప్రీపెయిడ్ ఇన్సూరెన్స్, రావాల్సిన వడ్డీ, తరుగుదల లాంటి వాటికి నెలాఖరున వేసే అడ్జస్టింగ్ ఎంట్రీలు మర్చిపోతే ఇంటర్మీడియట్ అకౌంటింగ్ మొదటి పరీక్షకే పట్టు పోతుంది. ఆగస్టులో రెండు వారాలు ఎంట్రీ దగ్గర్నుంచి ట్రయల్ బ్యాలెన్స్, స్టేట్‌మెంట్ల దాకా ఒక చిన్న కంపెనీ లెక్కను చేత్తో పూర్తి చేస్తే సరిపోతుంది.

కోర్సు వదిలేయాలంటే 12వ క్లాసు రోజులోపే నిర్ణయించుకోవాలి. ఆలోపు వదిలితే ట్రాన్‌స్క్రిప్ట్ మీద పడదు. ఆ తర్వాత వదిలేవి టెక్సస్ ప్రభుత్వ కాలేజీలన్నిటిలో కలిపి డిగ్రీ మొత్తానికి ఆరే, 2007 ఫాల్ (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్) నుంచి ఇదే చట్టం. కమ్యూనిటీ కాలేజీలో వదిలేసినవీ ఇందులో కలుస్తాయి. కొత్త చోటికి వచ్చాం కదా, లెక్క కొత్తగా మొదలవుతుందనుకుంటే కుదరదు.

క్లాసులు ఆగస్టు చివర్లో మొదలైతే కెరీర్ ఫెయిర్ సెప్టెంబరులోనే వచ్చేస్తుంది. పెద్ద అకౌంటింగ్ సంస్థలు వేసవి ఇంటర్న్‌షిప్‌లకు ఏడాది ముందు నుంచే మనుషుల్ని తీసుకుంటాయి. ఫాల్‌లో చేరిన ట్రాన్స్‌ఫర్ విద్యార్థికి డిగ్రీలోపు దొరికేది ఒకే ఒక్క వేసవి. అందువల్ల రెజ్యూమె ఆగస్టులోనే సిద్ధంగా ఉండాలి, అందులో గ్రాడ్యుయేషన్ నెల, సంవత్సరం సరిగ్గా ఉండాలి. ఫలానా ఉద్యోగానికి పనికొస్తారా లేదా అని కంపెనీలు ముందు చూసేది ఆ తేదీనే. ఒకే కారును ఇంట్లో సర్దుకోవాలని మంగళ, గురువారాల క్లాసులే ఎంచుకునే పద్ధతి మనవాళ్లలో ఎక్కువ. కంపెనీలవాళ్లు వచ్చే సాయంత్రాలు, గ్రూప్ ప్రాజెక్టు మీటింగులు మిగతా రోజుల్లోనూ ఉంటాయి. గ్రూపులో కనపడనివాళ్లకు తోటివాళ్లిచ్చే మార్కులు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు.

హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యులకిచ్చేది) మీదున్న పిల్లల తల్లిదండ్రులు ఒకటి గమనించాలి. ఆ వీసా మీద చదువుకోవచ్చు, జీతమిచ్చే ఇంటర్న్‌షిప్ మాత్రం చేయకూడదు. 21 ఏళ్లు నిండితే హెచ్-4 ఎలాగూ ఉండదు. విద్యార్థి వీసా ఎఫ్-1కు మారితే సీపీటీ (చదువులో భాగంగా పని చేయడానికిచ్చే అనుమతి) కింద ఇంటర్న్‌షిప్ చేయొచ్చు, దానికి ముందు ఒక పూర్తి విద్యా సంవత్సరం ఫుల్‌టైమ్ చదివి ఉండాలి. అమెరికాలోనే ఉండి వీసా మారాలంటే ఐ-539 అనే దరఖాస్తు పెట్టాలి, దానికి నెలలు పట్టొచ్చు. ఆఫర్ చేతికొచ్చాక ఆలోచిస్తే ఆలస్యమే. మారితే ఫీజు ఎంతవుతుందో కూడా యూనివర్సిటీని ముందే అడగాలి. ఎఫ్-1 మీద సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు ఉండాలి, ఆ 12లో ఆన్‌లైన్ కోర్సులు ఒకటికి మించి చెల్లవు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో బీబీఏ, బీకాం మధ్యలో ఆపి వచ్చేవాళ్లకు మరో బరువుంది. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీలో డిగ్రీ తీసుకోవాలంటే అమెరికా చరిత్ర ఆరు క్రెడిట్లు, ప్రభుత్వ వ్యవస్థ ఆరు క్రెడిట్లు తప్పవు. వీటిని వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో చేసుకుంటే చవక. ముందు అడ్వైజర్ చేత రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి. మన మార్కుల మెమోలో సబ్జెక్టు పేరు తప్ప ఏం చదివారో ఉండదు. అందుకే బయల్దేరే ముందే ప్రతి సెమిస్టర్ సిలబస్ కాపీ మీద కాలేజీ ముద్ర వేయించుకుని తెచ్చుకోవాలి. ఇక్కడికొచ్చాక తెప్పించుకోవాలంటే సెమిస్టర్ సగం గడిచిపోతుంది.

ఇట్లు,
ట్రాన్స్‌ఫర్ విద్యార్థులకు సలహాలిచ్చే ఇద్దరు తెలుగువారు,
డాలస్, టెక్సస్