పొంత్వాజ్ మెట్లు

యానాం,
ఆగస్టు 26.

చిరంజీవి లూయికి అమ్మ ఆశీస్సులు.

మేమిక్కడ క్షేమం. నువ్వూ అక్కడ క్షేమమనే తలుస్తున్నాను. తలచుకోవడం తప్ప నాకు వేరే దారేముంది, నీ గొంతు విని ఇరవై మూడు రోజులయింది. సరే, ఆ సంగతి రాయడానికి కాదు ఈ ఉత్తరం. నిన్న నీ పేరుగల పునీతుడి పండుగ కదా, ఆ కబుర్లు చెబుదామని కూర్చున్నాను. ఫోనులో అయితే "మీటింగులో ఉన్నానమ్మా" అంటావు. ఉత్తరానికి ఆ బాధ లేదు, మీటింగు అయ్యేదాకా బల్ల మీద ఓపిగ్గా పడి ఉంటుంది.

నిన్న పొద్దున్న పూజకు వెళ్లాం. గోదావరి ఎర్రగా, నిండుగా వస్తోంది. ప్రార్థనల్లో ఫాదర్ గారు "దూరదేశంలో ఉన్న మన లూయి" అని నీ పేరు చదివారు. చదవగానే లూర్దు పిన్ని ముందు వరసలోంచి వెనక్కి తిరిగి నా ముఖంలోకి చూసింది. ఎందుకు చూసిందో తర్వాత రాస్తాను. నీ పండుగ నాడు పులస పులుసు ఉండాలన్నది జోజప్ప తాతయ్య పెట్టి వెళ్లిన ఆచారం. పుస్తెలు అమ్మి అయినా పులస తినాలంటారు కదా, పుస్తెలు నావే కాబట్టి మీ నాన్న బేరమాడకుండా కొనేశారు. అలవాటు కొద్దీ నీ కంచం కూడా పెట్టాను. తింటున్నంతసేపూ ఫోను పక్కనే ఉంది. అందులో ఛార్జి ఉందో లేదో మీ నాన్న రెండుసార్లు చూశారు. నేను చూడలేదు. నాకెందుకు?

సాయంత్రం కరెంటు పోయింది. మీ నాన్న అరుగు మీద లాంతరు పెట్టుకుని ఆ పాత ఫ్రెంచి పుస్తకం తీశారు. ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి, పక్కన వినేవాళ్లుంటే చాలు, తెలుగులోకి మార్చి చెబుతూనే ఉంటారు. నిజం చెప్పాలంటే నీకు ఎవరి పేరు పెట్టామో నాకే సరిగ్గా తెలియదు. ఆగస్టు 25న పుట్టావు, క్యాలెండరులో పునీత లూయి అని ఉంది, జ్ఞానస్నానంలో అదే పెట్టించాం. ఆయన ఫ్రాన్సు నేలిన తొమ్మిదో లూయి రాజట. ఆగస్టు 25 ఆయన పుట్టిన రోజు కాదట, పోయిన రోజు. 1270లో ట్యూనిస్ దగ్గర, సిలువ యుద్ధానికని వెళ్లి, జబ్బుచేసి, బూడిద పరిచిన పక్క మీద కన్ను మూశాడట. తెలిసి ఉంటే ఇంకో పేరు వెతికేదాన్నేమో. పరదేశంలో జబ్బు అంటేనే నాకు పడదు. నీ దగ్గర జ్వరం మాత్రలు ఉన్నాయా? ఉంటే తేదీ దాటిపోయాయేమో చూడు.

పుట్టింది 1214లో, ప్వాసి అనే ఊళ్లో. రాజయిన తర్వాత కూడా ప్వాసి లూయి అని సంతకం పెట్టడమంటే ఆయనకు ఇష్టమట, జ్ఞానస్నానం అయిన ఊరు అదే కాబట్టి. పన్నెండేళ్లకే తండ్రి పోతే కిరీటం నెత్తిన పడింది. పన్నెండేళ్లు! ఆ వయసులో నువ్వు చొక్కా గుండీలు ఒకటి ఎగువకు ఒకటి దిగువకు పెట్టుకుని బడికి పోయేవాడివి. రాజ్యం నడిపింది తల్లి బ్లాంష్. స్పెయిన్ వైపు నుంచి వచ్చిన కోడలు, పగ్గాలు చేతికొస్తే పెద్ద పెద్ద జమీందార్లందరినీ నోరెత్తనివ్వలేదు. చావైన పాపం ఒక్కటి చేయడం కంటే నువ్వు చచ్చిపోవడమే నాకు నయం అని కొడుకుతో అనేదట. నేను నీతో ఎన్నడూ అంత మాట అనలేదు. పదో తరగతి లెక్కల మార్కులప్పుడు అన్నది వేరు.

లూర్దు పిన్ని సంగతి. వాళ్ల అల్లుడు పోయిన నెల ఆఫీసు పని మీద పారిస్ వచ్చాడట. లా షపెల్ దగ్గర మనవాళ్ల కూరగాయల దుకాణంలో నిన్ను చూశాడట. నువ్వు సంచి పట్టుకుని నిలబడ్డావట. పక్కన ఒక అమ్మాయి బెండకాయలు ఏరుతోందట. ఒక్కొక్క కాయ కొన విరిచి చూసి మరీ సంచిలో వేసిందట. అతను పలకరిద్దామనుకునేలోపు మీరు వెళ్లిపోయారట. ఇవన్నీ "ట" మాటలే, నేను నమ్మను. పారిస్‌లో సంచి పట్టుకుని నిలబడే కుర్రాళ్లు ఎంతమంది లేరు? అయినా బెండకాయ కొన విరిచి చూసే పిల్ల అంటే ఇంట్లో వండేదే అయి ఉంటుంది, కొని పారేసే రకం కాదు. ఇది నేను ఊరికే అనుకున్నాను, నీకు చెప్పాలని కాదు.

మళ్లీ రాజుగారి దగ్గరకు వద్దాం. 1234లో పెళ్లయింది. పెళ్లికూతురు ప్రొవాన్స్ దొరగారి అమ్మాయి మార్గరిత్, పట్టుమని పదమూడేళ్లు. కోడలు ఇంట్లో అడుగుపెట్టింది మొదలు బ్లాంష్ రాణికి మనసు కుదుట పడలేదు. రాత్రి సంగతి సరే, పగలు మాత్రం కొడుకూ కోడలూ ఒకచోట కనబడకూడదు. ఈ మొగుడూ పెళ్లాలకు ఉన్న కోటలన్నిటిలో పొంత్వాజ్ కోట అంటే ప్రాణమట. ఎందుకో తెలుసా? అక్కడ రాజుగారి గది పైన, రాణిగారి గది కింద, రెంటికీ మధ్య గోడలో గుండ్రంగా తిరిగే మెట్లు. ఆయన నాలుగు మెట్లు దిగేవాడు, ఈవిడ నాలుగు మెట్లు ఎక్కేది, మధ్యలో నిలబడి కబుర్లు చెప్పుకునేవారు. తలుపుల దగ్గర బంట్రోతులుండేవారు. పెద్దరాణి కొడుకు గదివైపు వస్తున్న జాడ తెలియగానే వాళ్లు చేతిలోని బెత్తంతో తలుపు మీద కొట్టేవారు. రాజు పరుగున పైకి పోయి, ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు కూర్చునేవాడు. కోడలి గదివైపు వస్తే కింది తలుపు మోగేది, అప్పుడు ఆమె కిందికి పరుగు. దేశాన్నేలే మహారాజు, తల్లి అడుగుల చప్పుడుకు మెట్లమీద పరుగులు!

ఇక్కడికి వచ్చేసరికి మీ నాన్న పుస్తకంలోంచి తలెత్తలేదు గానీ నవ్వు ఆపుకోలేకపోయారు. మా పెళ్లయిన కొత్తలో మాకూ మేడమెట్లే గతి. మీ నాయనమ్మ కడియాల చప్పుడు వినబడగానే ఈయన గబగబా దండెం దగ్గరకు పోయి ఆరిన బట్టలు తీస్తున్నట్టు నిలబడేవారు. ఒకసారి బయట వాన కురుస్తున్నప్పుడు కూడా తీశారు. తడి బట్టలు భుజాన వేసుకుని నిలబడ్డ ఆ మనిషిని చూసి మీ నాయనమ్మ ఏమీ అనలేదు. తుండుగుడ్డ ఇచ్చి పంపింది.

ఇంకోసారి మార్గరిత్ రాణి కాన్పు కష్టమై ప్రాణం మీదికి వచ్చింది. రాజు పక్కనే కూర్చున్నాడు. బ్లాంష్ వచ్చి, ఇక్కడ నీకేం పని లేదు పద అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయిందట. చచ్చినా బతికినా నా మనిషిని నన్ను చూడనివ్వరా అని ఆ పిల్ల ఏడ్చి స్పృహ తప్పింది. పోయిందనుకున్నారు. రాజు వెనక్కి పరుగెత్తుకొచ్చాడు, ఎలాగో బతికించుకున్నారు. ఇవన్నీ రాజుగారి స్నేహితుడు జ్వాన్‌విల్ రాసి పెట్టాడు. పునీతుడి గురించి రాయమంటే ఇంటి గుట్టు కూడా రాసేశాడు, మంచివాడు.

ఇది విన్నాక రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కిందటిసారి వీడియోలో మాట్లాడినప్పుడు నీ వెనక కుర్చీ మీద ఆకుపచ్చ చున్నీ ఉంది. బల్ల మీద రెండు టీ కప్పులున్నాయి, రెంటిలోంచీ ఆవిరి వస్తోంది. నేను ఇంకా ఏమీ అనకముందే నువ్వు ఫోను గోడవైపు తిప్పేశావు. గోడ బాగుంది, తెల్లగా ఉంది. అప్పుడే నేను కాకినాడ సంబంధం మాట ఎత్తాను, నువ్వు పెట్టేశావు. ఎత్తి ఉండకూడదు. వాళ్లు ఫోటో పంపారని నోరు జారాను, అంతే. నేను ఫోను చేసినప్పుడల్లా మీ ఇంట్లో ఎవరైనా బెత్తంతో తలుపు కొడుతున్నారా, నాన్నా?

సరే, వదిలెయ్. వాన్సెన్ కోట ఫోటో పంపావు చూడు, నీ గదికి నడిచి వెళ్లే దూరమన్నావు, ఆ అడవిలోనే లూయి రాజు ఎండాకాలం పూజ అయిన తర్వాత సింధూర వృక్షానికి, అదే ఓక్ చెట్టుకు, ఆనుకుని కూర్చునేవాడట. కాపలావాళ్ల అడ్డు లేకుండా ఎవరైనా వచ్చి గోడు చెప్పుకోవచ్చు. ధనవంతుడికీ పేదవాడికీ తగవు వస్తే నిజం తేలేదాకా పేదవాడి పక్షానే ఉండమని కొడుకు ఫిలిప్‌కు రాసి ఇచ్చాడు. ఆ అడవిలోకి నడకకు వెళుతూ ఉండు. పొద్దస్తమానం కుర్చీలో కూర్చుంటే నడుము ఏమవుతుంది? ఒక్కడివే వెళ్లాలని కాదు.

అన్నీ మెచ్చుకుంటున్నానని అనుకోకు. 1242లో పారిస్‌లో యూదుల మతగ్రంథాలను, తల్మూదు అంటారు, వాటిని 24 బండ్లకెత్తి తెచ్చి తగలబెట్టారు, ఈయన ఏలుబడిలోనే. 1269లో వాళ్లందరూ బట్టల మీద గుర్తు కుట్టించుకోవాలని ఆజ్ఞ వేశాడు. అది నాకు మింగుడు పడలేదు. మరియమ్మ తల్లి ఆ జాతి ఆడబిడ్డ కాదా? ఆ కాలం అలాంటిది అన్నారు మీ నాన్న. తప్పంతా కాలం మీదికి తోసేస్తే ఇక పునీతులతో మనకు పనేముంది అన్నాను. ఆయన జవాబు చెప్పకుండా లాంతరు వత్తి సరిచేశారు.

అంతకుముందు 1248లో మొదటిసారి సిలువ యుద్ధానికని ఈజిప్టు మీదికి దండెత్తి వెళ్లిన కథ పెద్దది. దమియెట్టా పట్టుకున్నారు, మన్సూరాలో తమ్ముడు పోయాడు, 1250లో రాజే బందీ అయ్యాడు. మార్గరిత్ దమియెట్టాలో నిండుచూలాలు. కబురు అందిన మూడు రోజులకే కాన్పు. రాజును విడిపించడానికి వెండి తూకం వేసి కట్టారు, మొదటి విడతే 2,00,000 లీవ్రలు, అప్పటి ఫ్రెంచి డబ్బు లెక్క అది. తూకంలో పదివేలు తక్కువ కట్టి శత్రువును మోసం చేశామని ఒక సర్దారు గొప్పగా చెబితే రాజుకు ఒళ్లు మండింది. ఆ పదివేలూ కట్టందే కదలనన్నాడు. చూశావా, శత్రువుకు కూడా తక్కువ తూచకూడదన్న మనిషి పేరు నీది. కన్నతల్లి అడిగితే ఎంత తూచాలి? ఇంట్లో ఎందరుంటున్నారని అడిగితే ఇద్దరమనో ఒక్కడినేననో చెప్పాలి గానీ గోడ చూపిస్తారా? నేను ఉపన్యాసం ఇవ్వకూడదనే అనుకున్నాను. కలం ఊరుకోలేదు.

కొడుకు ఓడెక్కి వెళ్లేనాటికి బ్లాంష్ అరవై దాటిన మనిషి. వెళ్లవద్దని ఎంతో బతిమాలింది. నాలుగేళ్లు రాజ్యం మళ్లీ నెత్తిన మోసి, 1252లో పోయింది. కొడుకును మళ్లీ చూడలేదు. నెలల తర్వాత కబురు అందితే రాజు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. ఆ చోట మీ నాన్న పుస్తకం మూసి, దోమలు ఎక్కువగా ఉన్నాయి లోపలికి పద అన్నారు. దోమలేమీ లేవు.

లోపల మిగతాది చదివారు. మార్గరిత్ కూడా ఏడుస్తోందట. నీకు ఆవిడంటే పడదు కదా, ఎందుకమ్మా ఏడుపు అని జ్వాన్‌విల్ అడిగాడు. ఆవిడ కోసం కాదు, ఆయన పడే దుఃఖం చూసి అంది. మంచి పిల్ల. కానీ తర్వాత ఈవిడ చేసిన పని విను. తన కొడుకు ఫిలిప్ చేత, ముప్ఫై ఏళ్లు వచ్చేదాకా అమ్మ మాట జవదాటనని ప్రమాణం చేయించుకుంది! అత్త పెట్టిన బాధ పడ్డ మనిషే. చివరికి 1263లో పోపు నాలుగో ఉర్బన్ ఆ ప్రమాణం చెల్లదని రద్దు చేయవలసి వచ్చింది. నిన్నటితో నీకు ఇరవై తొమ్మిది నిండాయి. లెక్క ప్రకారం నాకు ఇంకో ఏడాది ఉంది. పోపుగారి దాకా వెళ్లకు.

పార్శిల్ సోమవారం పంపిస్తాను. ఆవకాయ రెండు సీసాలు. ఒకటి మామూలు కారం, మూత మీద ఎర్ర దారం కట్టాను. రెండోది కారం సగమే వేసి కలిపాను, తెల్ల దారం. నీకు సగం కారం ఎందుకని అడగకు. సున్నుండలు ఇరవై అనుకున్నాను, ముప్ఫై చేశాను. చలి మొదలవుతుంది, మందపాటి దుప్పటి ఒకటే ఉందన్నావు, ఇంకొకటి కొనుక్కో, డబ్బు చూసుకోకు. బెండకాయ ముక్కలు తుడిచి ఆరబెట్టి వేయించాలి, తడిమీద వేస్తే జిగురు వదలదు. ఆ అమ్మాయికి తెలిసే ఉంటుంది.

ఆదివారం మీకు మధ్యాహ్నం అయ్యాక ఫోను చేస్తాను. ముందుగా ఒకసారి మోగించి పెట్టేస్తాను. అది బెత్తం చప్పుడు అనుకో. రెండోసారి మోగినప్పుడు తీయండి.

మీ నాన్న కూడా ఆశీస్సులు రాయమన్నారు.

మీ
అమ్మ