నెగటివ్‌లు అమ్మలేదు, స్టూడియో మూయలేదు

కావలి ట్రంక్ రోడ్డులో మన స్టూడియో షట్టర్ దించి ఉండటం చూసి చాలామంది ఫోన్లు చేస్తున్నారు. మూయలేదండీ, మారాం. బాడుగ దగ్గర ఓనరుకీ నాకూ పొసగలేదు. పక్క సందులోనే టైలర్ షాపు పైన, మొదటి అంతస్తులో బోర్డు పెట్టాం.

నన్ను బాధపెట్టింది వేరే మాట. పాత నెగటివ్‌లన్నీ వెండి కోసం తూకానికి అమ్మేశానట! తుమ్మలపెంట పెద్దాయన ఒకరు, మా తాత రోజుల నుంచి వస్తున్న మనిషి, మెట్లెక్కి వచ్చి కూర్చోకుండానే "ఏం అబ్బయ్యా, మా నాయన్ను కూడా కాటాకేశావా?" అన్నారు. ఎవరు పుట్టించారో గానీ, ఈ పుకారు ఊరంతా తిరిగాక నా చెవిన పడింది.

పాత ఎక్స్‌రే ఫిల్ములు కొనే వ్యాపారి ఒకతను వచ్చిన మాట నిజం. పని తెలిసినవాడు, కలర్ నెగటివ్‌ల జోలికే పోలేదు. కలర్ ఫిల్ము కడిగేటప్పుడే దాంట్లో వెండి పోతుంది. బ్లాక్ అండ్ వైట్‌లో మాత్రం నల్లగా కనిపించేదంతా వెండే. అందుకే తాత తీసిన బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌ల డబ్బాలే కావాలన్నాడు. అతను చెప్పిన రేటుకు కొత్త కొట్టు అడ్వాన్సు దాదాపు తీరిపోయేది. ఇంట్లో పెద్ద గొడవే అయింది. "ఎప్పుడో ఒకరు అడుగుతారని ఇంత చెత్త మోస్తావా?" అంది మా ఆవిడ. ఆమెను తప్పుపట్టను, నెల తిరిగితే లెక్క చూసేది ఆమే. పాస్‌పోర్టుకైనా ఆధార్‌కైనా ఫోటో ఆ ఆఫీసుల్లోనే తీసేస్తుంటే మా గల్లాపెట్టెలో ఏం మిగులుతుంది?

అమ్మేద్దామనే అనుకుని తాత రిజిస్టర్ తీశాను. నంబరు, పేరు, ఊరు, "కార్డు సైజు 3 కాపీలు", పక్కన బాకీ. అదే నంబరు నెగటివ్ అంచున ఇండియన్ ఇంకుతో ఉంటుంది. ఒకామె నెగటివ్‌ను లైటుకు అడ్డం పెట్టి చూస్తే కళ్ల కింద సన్నటి పెన్సిల్ గీతలు. గుంటలు కనపడకుండా తాత చేసిన రీటచింగ్. ప్రింట్లో అది తెలియనే తెలియదు, ఊటీ నుంచి వచ్చే ఇందు కంపెనీ ఫోటో పేపర్ మీద ముఖం నున్నగా వచ్చేది. జవహర్ భారతి కాలేజీ గ్రూపు ఫోటోలు, ఉపనయనాలు, పెళ్లిచూపులకు పంపిన ఫోటోలు అన్నీ ఆ డబ్బాల్లోనే. నాన్న హయాంలో కలర్ రోళ్లు మద్రాసు ల్యాబుకు వెళ్లేవి. 1993లో ఎన్నికల సంఘం ఓటరుకు ఫోటో గుర్తింపు కార్డు ఉండాలన్నాక, ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందనే అవ్వలు కూడా కెమెరా ముందు కూర్చున్నారు. చాలా ఇళ్లలో వాళ్లకు ఉన్నదే ఒక్క ఫోటో. పెద్దకర్మకు పటం కట్టించాలని పిల్లలు పరుగెత్తి వచ్చేది మన దగ్గరికే.

ఆ వ్యాపారిని పంపించేశాను. మళ్లీ రేటు పెంచి ఫోన్ చేశాడు, ఎత్తలేదు. దీన్ని మొండితనం అంటే అనుకోండి.

అన్నీ బాగున్నాయని మాత్రం చెప్పను. సముద్రపు గాలి తేమకు కొన్ని ఫిల్ములు ముడతలు పడి వెనిగర్ వాసన కొడుతున్నాయి. ఆ వాసన మొదలైన ఫిల్ము పక్కవాటినీ పాడుచేస్తుంది, అందుకని వేరే గదిలో పెట్టి ముందు వాటినే స్కాన్ చేస్తున్నాం.

మీ ఇంటివాళ్ల నెగటివ్ కావాలంటే పేరు, ఊరు, సుమారుగా ఏ సంవత్సరమో చెప్పండి. వెతికినందుకు డబ్బు తీసుకోను, ప్రింటు ఖర్చు ఇస్తే చాలు. నెగటివే కావాలంటే రిజిస్టర్‌లో సంతకం పెట్టి తీసుకెళ్లండి, అది మీదే. బయటివాళ్లకు మాత్రం ఎంతిచ్చినా ఇవ్వను.

పెళ్లి ఆర్డర్లన్నీ అనుకున్న తేదీలకే. రేట్లు పాతవే. మెట్లెక్కలేని పెద్దవాళ్లు కింద టైలర్‌తో ఒక మాట చెప్పండి, కెమెరా, తెల్లగుడ్డ పట్టుకుని నేనే దిగి వస్తాను.