ఇండిగో వెనకున్న ఇంటి లెక్కలు కూడా అడగండి: పౌర విమానయాన మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం.

2025 డిసెంబరు 3 నుంచి 5 వరకు మూడు రోజుల్లో ఇండిగో 2,507 విమానాలను రద్దు చేసింది. మరో 1,852 విమానాలు ఆలస్యంగా నడిచాయి. మూడు లక్షలకు పైగా ప్రయాణికులు ఎక్కడివాళ్లు అక్కడ చిక్కుకుపోయారు. అప్పుడు మీ శాఖ ఛార్జీలకు పరిమితి పెట్టింది, ఆ సంస్థ షెడ్యూలులో 10 శాతం కోసింది, విచారణ జరిపించింది. 2026 జనవరిలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 22.20 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2024-25లో ఆ సంస్థ నికర లాభం 7,258 కోట్లు, అంటే రోజుకు దాదాపు 20 కోట్లు. జరిమానా ఒక రోజు లాభాన్ని కాస్త దాటింది. ఈ లెక్క చాలామంది వేశారు కాబట్టి నేను దీని దగ్గర ఆగను. నా ఫిర్యాదు వేరు. ఆ చర్యలన్నీ విమానాలు నడిపే కంపెనీ గుమ్మం దాకా వెళ్లి ఆగాయి. ఆ కంపెనీని నిలబెట్టిన ప్రమోటర్ సంస్థ ఇంటర్‌గ్లోబ్ ఎంటర్‌ప్రైజెస్ (ఈ లేఖలో ‘ఇల్లు’ అంటున్నది దాన్నే) ఇంకా ఏమేం వ్యాపారాలు చేస్తోంది, వాటికీ విమానాలకూ మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు ఎలా సాగుతున్నాయి అని ప్రయాణికుల తరఫున ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న మీరు అడగాలని ఈ లేఖ.

ముందే చెబుతాను. నాకు ఆ కంపెనీలో షేర్లు లేవు, పోటీ కంపెనీల్లోనూ లేవు. విమానం ఎక్కడం మధ్యతరగతికి అలవాటుగా మారిందంటే అందులో ఇండిగోకు పెద్ద వాటా ఉంది. వేళకు బయలుదేరడం, తక్కువ ధర, ఒకే రకం విమానాలతో ఖర్చు అదుపులో పెట్టుకోవడం, ఇవి చిన్న విజయాలు కావు. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019లో, గో ఫస్ట్ 2023లో నేలకు దిగిపోయిన దేశంలో ఒక సంస్థ లాభాలతో నిలబడటం దేశానికి మంచిదే. మన కడప సంగతే చూడండి. 2017 ఏప్రిల్‌లో చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం మొదలైన రోజు ప్రధాని జెండా ఊపిన తొలి సర్వీసుల్లో కడప-హైదరాబాద్ ఒకటి. దాన్ని నడిపిన ట్రూజెట్ 2022 ఆరంభంలో ఆగిపోయింది. ఆ తర్వాత కడపకు విమానం తెచ్చింది ఇండిగోనే. అది రాకపోతే ఆ రన్‌వే ఖాళీగా ఉండేది. ఈ మేలును మరిచిపోయి రాస్తున్న లేఖ కాదిది. అయితే కడపకు ఆ విమానం ఎంత అవసరమో, ఆ ఒక్క సంస్థ మీద ఆధారపడటం అంత ప్రమాదం కూడా. దేశీయ ప్రయాణికుల్లో ప్రతి 10 మందిలో ఆరుగురికి పైగా దాని విమానాల్లోనే ఎక్కుతున్నారు.

ఇక అసలు విషయం. ఇంటర్‌గ్లోబ్ ఎంటర్‌ప్రైజెస్‌ను రాహుల్ భాటియా 1989లో మొదలుపెట్టారు. విదేశీ విమానయాన సంస్థల తరఫున ఇక్కడ అమ్మకాలు, వ్యవహారాలు చూసిపెట్టే ఏజెన్సీ వ్యాపారం అది. ఇండిగో తొలి విమానం ఢిల్లీ నుంచి గువాహటి మీదుగా ఇంఫాల్‌కు వెళ్లింది 2006 ఆగస్టు 4న. అంటే విమానాలు నడపకముందు 17 ఏళ్లు ఆ ఇల్లు విమానాల చుట్టూ ఉండే వ్యాపారంతోనే బతికింది. ఇండిగో దాని తొలి సంతానం కాదన్న సంగతి చాలామందికి తెలియదు. ఆ సంగతి తెలిస్తే మిగతావి అర్థమవుతాయి.

ట్రావెల్ ఏజెంట్లు టికెట్లు బుక్ చేసుకునే ట్రావెల్‌పోర్ట్ వ్యవస్థకు మన దేశంలో పంపిణీదారు ఇంటర్‌గ్లోబ్ టెక్నాలజీ కోషెంట్. ఫ్రెంచి సంస్థ ఎకోర్‌తో కలిసి 2004 నుంచి హోటళ్ల వ్యాపారం ఉంది, ఐబిస్ పేరుతో మనం చూసే హోటళ్లలో చాలా వరకు ఆ భాగస్వామ్యానివే. పైలట్లకు శిక్షణ ఇచ్చే సిమ్యులేటర్ల కోసం కెనడాకు చెందిన సీఏఈతో ఉమ్మడి సంస్థ పెట్టి గ్రేటర్ నోయిడాలో కేంద్రం నడుపుతున్నారు. అమెరికా సంస్థ యూపీఎస్‌తో కలిసి 2022లో మోవిన్ పేరుతో సరుకు రవాణాలోకి దిగారు. మాజీ టెక్ మహీంద్రా అధిపతి సీపీ గుర్నానీతో కలిసి 2024లో కృత్రిమ మేధ కంపెనీ పెట్టారు. ఇవి ప్రమోటర్ ఇంటివి. ఇండిగో కింద నేరుగా ఉన్నవి మరికొన్ని: విమానాశ్రయాల్లో సామాన్లు, మెట్లు, బస్సుల పని చూసే ఎజైల్ ఎయిర్‌పోర్ట్ సర్వీసెస్, గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీలో విమానాల లీజు కోసం ఒక ఆర్థిక సంస్థ, కొత్త కంపెనీల్లో పెట్టుబడి పెట్టే ఇండిగో వెంచర్స్. ఆ నిధి పెట్టుబడి పెట్టినవాటిలో విమాన విడిభాగాలు తయారుచేసే జె ఏరోస్పేస్ ఉంది, దాని ఫ్యాక్టరీ హైదరాబాద్‌లోనే ఉందని చెప్పడానికి నాకు సంతోషమే.

వీటిలో చాలా వాటితో నాకు పేచీ లేదు. హోటల్ నచ్చకపోతే పక్క వీధిలో మరో హోటల్ ఉంటుంది. సరుకు పంపడానికి పది కంపెనీలున్నాయి. అదే ఇంటి దాతృత్వ సంస్థ ఢిల్లీలో అబ్దుల్ రహీం ఖాన్-ఇ-ఖానా సమాధిని ఆగా ఖాన్ ట్రస్టుతో కలిసి పునరుద్ధరించింది, ఎంతో చక్కగా చేసిన పని అది. నాకు ఆందోళన కలిగించేవి రెండే: పైలట్ల శిక్షణ, నగరాల్లో తక్కువ దూరాలకు చిన్న విద్యుత్ విమానాలు నడిపే, రాబోయే ఎయిర్ ట్యాక్సీ.

శిక్షణ సంగతి చూడండి. డిసెంబరు సంక్షోభానికి పైలట్ల విశ్రాంతి నిబంధనల అమలు మూలమని అందరం విన్నాం. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది, రాత్రివేళ ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. రెండో విడత 2025 నవంబరు 1 నుంచి అమల్లోకి వస్తుందని చాలా ముందే తెలుసు. సిబ్బందిని, విమానాలను అంచుదాకా వాడేయడమే ధ్యేయంగా పెట్టుకున్నారని, నిబంధనలకు తగినట్టు సిద్ధపడలేదని మీ విచారణే తేల్చింది. సరిపడా పైలట్లు లేనప్పుడు అడగవలసిన తర్వాతి ప్రశ్న ఒకటుంది. పైలట్లను తయారుచేసే చోట ఏం జరుగుతోంది? లైసెన్సు వచ్చేసరికి ఒక కుటుంబం కోటి రూపాయల దాకా ఖర్చు పెడుతోంది. ఆ తర్వాత ఎయిర్‌బస్ నడపడానికి టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం నడిపే అర్హత, కావాలి, దానికి మళ్లీ లక్షల్లో ఖర్చు. అది ఇచ్చే సిమ్యులేటర్ కేంద్రాల్లో ఒకటి, ఉద్యోగం ఇచ్చే కంపెనీ ప్రమోటర్‌కు వాటా ఉన్నది. తప్పు జరిగిందని నేను అనడం లేదు. పైలట్ల కొరతకు ఆ కేంద్రమే కారణమనీ అనడం లేదు. కానీ పొలం అమ్మి, ఇల్లు తాకట్టు పెట్టి కొడుకునో కూతురినో పైలట్ చేయాలనుకునే తండ్రి ముందు మూడు సంగతులు ఉండాలి: ఆ కేంద్రంలో ఏటా ఎన్ని సీట్లు, ఎంత ఫీజు, అక్కడ శిక్షణ పొందినవారికీ బయట శిక్షణ పొందినవారికీ ఉద్యోగాల ఎంపికలో తేడా ఉందా లేదా. విమానయాన సంస్థల్లో ఉద్యోగాలు ప్రధానంగా ఒకే చోట ఉన్నప్పుడు ఆ తండ్రికి బేరమాడే శక్తి ఉండదు. అది మీ చేతిలో మాత్రమే ఉంటుంది.

ఈ లావాదేవీలను చూడటానికి చట్టాలున్నాయి కదా అని మీ అధికారులు అనవచ్చు. ఉన్నాయి. అవి ఎవరి కోసం రాసినవో చూడండి. 2019 జులైలో ఇండిగో సహ వ్యవస్థాపకుడు రాకేశ్ గంగ్వాల్ స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి ఫిర్యాదు చేశారు. ప్రమోటర్ ఇంటి సంస్థలకూ ఇండిగోకూ మధ్య సాగుతున్న లావాదేవీలను, కంపెనీ నడిచే తీరును ఆయన ప్రశ్నించారు. పాన్ దుకాణం కూడా ఇంతకంటే పద్ధతిగా నడుస్తుందన్న ఆయన మాట అప్పట్లో పత్రికలన్నింటిలో వచ్చింది. ఆ లావాదేవీలు కంపెనీ టర్నోవర్‌లో ఒక శాతం కూడా లేవని, మార్కెట్ ధరలకే జరిగాయని భాటియా పక్షం జవాబిచ్చింది. ఎవరిది సరైన మాటో తేల్చే స్థానం నాది కాదు. 2022 ఫిబ్రవరిలో గంగ్వాల్ బోర్డు నుంచి తప్పుకొని వాటాలు అమ్ముకుంటూ వచ్చారు. అదే నెలలో భాటియా మేనేజింగ్ డైరెక్టర్ అయ్యారు. ఆ గొడవ మొత్తం ఇద్దరు సంపన్న వాటాదారుల మధ్య నడిచింది. కంపెనీల చట్టంలోని 188వ సెక్షన్ గానీ, సెబీ నిబంధనలు గానీ చూసేది వాటాదారు నష్టపోయాడా అన్నదే. ప్రయాణికుడు ఆ లెక్కలో ఎక్కడా లేడు. పోటీ చట్టంలోని 4వ సెక్షన్ ఒక మార్కెట్‌లో ఆధిపత్యాన్ని వాడుకుని మరో మార్కెట్‌లోకి చొరబడటాన్ని నిషేధిస్తుంది, నిజమే. కానీ అది జరిగిన తర్వాత, ఫిర్యాదు అందిన తర్వాత, ఏళ్ల తరబడి విచారణ సాగిన తర్వాత వచ్చే తీర్పు. అప్పటికి పోటీదారు ఉండాలి కదా.

పైగా ఇండిగో స్టాక్ మార్కెట్‌లో నమోదైన లిస్టెడ్ కంపెనీ, ఇంటర్‌గ్లోబ్ ఎంటర్‌ప్రైజెస్ ప్రైవేటుది. ఇండిగో వార్షిక నివేదికలో ఆ ఇంటి సంస్థలకు చెల్లించిన మొత్తాలు కనబడతాయి. అవతలి ఒడ్డున ఆ సొమ్ము ఏ పనికి, ఏ లాభంతో చేరిందో సామాన్యుడికి కనబడదు. మలేసియాలో ఎయిర్‌ఏషియా మాతృసంస్థ 2022లో కాపిటల్ ఏ అని పేరు మార్చుకుంది. సరుకు రవాణాకు టెలిపోర్ట్, చెల్లింపులకు బిగ్‌పే, విమానాల మరమ్మతులకు ఒక ఇంజినీరింగ్ సంస్థ, భోజనాలకు సంతాన్ అని విడివిడిగా పెట్టింది. అది కౌలాలంపూర్ స్టాక్ ఎక్స్ఛేంజిలో ఉంది కాబట్టి ఏ విభాగం ఎంత సంపాదించింది, ఏది మునిగింది అన్నది అందరి ముందూ ఉంటుంది. అక్కడ కష్టాలు లేవని కాదు. వాళ్ల కష్టాలు కూడా బయటికి కనిపించాయి, నాకు కావలసింది ఆ పాటి వెలుతురే.

ఇలాంటి కంపెనీల అల్లికలో ప్రయాణికుడు ఎలా నష్టపోతాడో మనం ఒకసారి చూశాం. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగిపోయింది. ముందుగా టికెట్లు కొన్నవాళ్లు దివాలా ప్రక్రియలో క్లెయిములు పెట్టుకోవలసి వచ్చింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ కంపెనీని లిక్విడేట్ చేయమంది. జెట్ ప్రయాణికులకు పాయింట్లు ఇచ్చిన జెట్ ప్రివిలేజ్ మాత్రం వేరే కంపెనీ, అందులో అబుదాబి విమానయాన సంస్థ ఎతిహాద్‌కు 50.1 శాతం వాటా ఉండేది. అది 2019లోనే ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకుని కొనసాగింది. చట్ట ప్రకారం అంతా సక్రమమే. కానీ టికెట్ కొన్నవాడు రెండింటినీ ఒకే ఇల్లు అనుకున్నాడు, ఆ నమ్మకంతోనే డబ్బు ఇచ్చాడు. ఏది విమానయాన సంస్థ, ఏది దాని పక్కనున్న కంపెనీ, దేని బాధ్యత ఎంతవరకు అని అతనికి ఆ రోజు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఎయిర్ ట్యాక్సీ. 2023 నవంబరులో ఇంటర్‌గ్లోబ్ ఎంటర్‌ప్రైజెస్ అమెరికాకు చెందిన ఆర్చర్ ఏవియేషన్‌తో ఒప్పంద పత్రం మీద సంతకం చేసింది. పైలట్‌తో పాటు నలుగురు కూర్చునే విద్యుత్ విమానాలు 200 దాకా తెస్తామని, ఢిల్లీ కన్నాట్ ప్లేస్ నుంచి గురుగ్రామ్‌కు ఏడు నిమిషాల్లో చేరుస్తామని, ముంబయి, బెంగళూరుల్లోనూ నడుపుతామని చెప్పారు. అవి ఎప్పుడు ఎగురుతాయో గానీ, వాటికి కావలసిన అనుమతులన్నీ మీ శాఖ నుంచే రావాలి. ఏ స్థలంలో దిగాలి, ఏ మార్గంలో ఎగరాలి, ఎవరికి ముందు అవకాశం అన్న నిర్ణయాలు మొదటిసారి తీసుకునేది మీరే. ఒకసారి తీసుకున్నాక మార్చడం కష్టమని విమానాశ్రయాల స్లాట్ల (విమానాలు దిగే, ఎగిరే వేళల) చరిత్ర చూసినవారెవరైనా చెబుతారు. పాత సీజనులో వాడుకున్న స్లాటు మళ్లీ పాతవారికే వెళ్తుంది, కొత్తవారు మిగిలిన తెల్లవారుజాము వేళలతో సరిపెట్టుకుంటారు. నగరాల నడిబొడ్డున దిగే చోట్లు కూడా అలాగే ఒకరి చేతికి వెళితే, విమానాశ్రయం దాకా తెచ్చే వాహనం, విమానం, దిగాక ఉండే గది, అన్నీ ఒకే ఇంటివవుతాయి. ఆ రోజు మరో డిసెంబరు వస్తే ప్రయాణికుడికి పక్కకు తప్పుకునే దారి ఒక్కటీ ఉండదు.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. దేశీయ మార్కెట్‌లో సగం దాటిన ఏ విమానయాన సంస్థ అయినా, అది ఇండిగో కావచ్చు, రేపు మరొకటి కావచ్చు, దాని ప్రమోటర్ ఇంటి వ్యాపారాల వివరాలు ఏటా మీ శాఖకు ఇవ్వాలని నిబంధన తెండి. శిక్షణ, టికెట్ల పంపిణీ, విమానాశ్రయ సేవలు, ఎయిర్ ట్యాక్సీ, వీటిలో ఎవరికి ఎంత వాటా, ఎంత చెల్లింపు అన్నది ఉండాలి, ప్రజలు చదవగలిగేలా ఉండాలి. పాత 1934 విమానాల చట్టం స్థానంలో వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ అనే చట్టం 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది, దాని కింద నిబంధనలు రాసే అధికారం కేంద్రానికి ఉంది. పోటీ సంస్థల టికెట్లు కూడా నడిచే బుకింగ్ వ్యవస్థ ప్రమోటర్ ఇంట్లో ఉన్నప్పుడు, ఆ సమాచారం విమానాల ధరలు నిర్ణయించే గదికి చేరకుండా గోడ ఉందా అని రాతపూర్వకంగా అడగండి. ఉంటే ఆ జవాబు వాళ్లకే మంచిది. ఎయిర్ ట్యాక్సీ దిగే చోట్లను మొదటి నుంచే అందరికీ తెరిచి ఉంచండి. శిక్షణ కేంద్రాల సీట్లు, ఫీజులు, ఉద్యోగాలు పొందినవారి వివరాలు డీజీసీఏ వెబ్‌సైటులో పెట్టించండి. ఈ చివరిది చేయడానికి కొత్త నిబంధన కూడా అక్కర్లేదు, ఒక ఆదేశం చాలు.

మీది శ్రీకాకుళం, భోగాపురం విమానాశ్రయం కోసం మీరు పడిన తాపత్రయం మా అందరికీ తెలుసు. ఆ కొత్త రన్‌వే మీద ఎన్ని కంపెనీల విమానాలు దిగుతాయన్నది మీరు ఇప్పుడు రాయించే నిబంధనల మీద ఆధారపడి ఉంది. రాబోయే పార్లమెంటు సమావేశాల్లో ఈ విషయం మీద మీ శాఖ వైఖరిని సభ ముందు ఉంచాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఇండిగోలోనూ, ఇతర విమానాల్లోనూ ప్రయాణించే ఒక తెలుగు పౌరుడు