మీటరు చెప్పే మొత్తాన్నే నమ్ము మామా

మామా,

నీ ఉత్తరం అందింది. పాత మీటరు తీసేసి స్మార్ట్ మీటరు పెట్టారని, దాని అంకెల్ని హోమ్ అసిస్టెంట్‌లోకి, అంటే నీ ఇంట్లో చిన్న కంప్యూటరు మీద నడిచే స్మార్ట్ హోమ్ సాఫ్ట్‌వేర్‌లోకి, ఎలా తెచ్చుకోవాలో చెప్పమని రాశావు. ఈ విషయమంటే నాకెంత ఇష్టమో నీకు తెలుసు కాబట్టి పొడుగ్గానే రాస్తున్నాను. తీరిక చూసుకుని చదువు.

ముందు ఒక సంగతి. ఆ మీటరు స్మార్ట్ అయింది కరెంటు కంపెనీ కోసం. రీడింగు తీసుకునే మనిషి రాకుండానే లెక్క వాళ్లకి చేరిపోతుంది. అదే లెక్క నీ ఇంట్లో ఉన్న చిన్న కంప్యూటరుకి కూడా రావాలంటే మనం వేరే దారి చూసుకోవాలి. కొన్ని కంపెనీలు వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో గంటగంటకీ ఎంత వాడావో చూపిస్తాయి. బాగానే ఉంటుంది కానీ ఆ అంకెలు చాలాసార్లు మర్నాటికి గానీ రావు. నెల లెక్క చూసుకోవడానికి అది చాలు. లోడు పెరిగిపోతోంది, గీజర్ ఆపెయ్ అని చెప్పడానికి మాత్రం నిన్నటి అంకె ఎందుకూ పనికిరాదు. అందుకే నేనెప్పుడూ మీటరు దగ్గరే, ఇంట్లోనే అంకె పట్టుకోమంటాను.

నెదర్లాండ్స్, బెల్జియం వాళ్లు ఈ విషయంలో అదృష్టవంతులు. అక్కడ మీటరుకి ఇంటివాళ్ల కోసమే పీ1 అని ఒక పోర్ట్ ఉంటుంది. చూడ్డానికి టెలిఫోన్ సాకెట్‌లా ఉంటుంది, దానికి సరిపోయే ఆర్‌జే12 అనే ప్లగ్గున్న వైరు గుచ్చాలి. పాత రకం మీటర్లు పది సెకన్లకోసారి, కొత్త రకం సెకనుకోసారి మామూలు అక్షరాల్లోనే ఒక చీటీ పంపుతాయి. అందులో ఒక్కో లైనుకి ఒక్కో కోడ్ ఉంటుంది. 1.8 అని ఉంటే ఇప్పటిదాకా వాడిన మొత్తం యూనిట్లు. 2.8 అంటే సోలార్ నుంచి బయటికి పంపిన యూనిట్లు. 1.7 అంటే ఈ క్షణాన లాగుతున్న కిలోవాట్లు. చివర ఒక చెక్ అంకె కూడా ఉంటుంది, అది సరిపోకపోతే ఆ చీటీని పక్కన పడేయాలి. వైరులో సిగ్నల్ కాస్త చెదిరి ఒక్క అంకె తారుమారైనా నీ గ్రాఫు నెలంతా పాడైపోతుంది కాబట్టి ఆ చెక్‌ని ఎప్పుడూ ఆపొద్దు.

పీ1 లేని మీటర్లకి ముందు వైపు ఒక గుండ్రటి చోటు కనిపిస్తుంది, అంకెలు చదివే చిన్న పరికరాన్ని అయస్కాంతంతో అతికించుకోవడానికి. అది ఇన్‌ఫ్రారెడ్ పోర్ట్, కంటికి కనపడని వెలుతురుతో అంకెలు పంపుతుంది. జర్మనీలో చాలా మీటర్లు దీన్లోంచి అడక్కుండానే అంకెలు పంపుతూ ఉంటాయి, అయితే పూర్తి వివరాలు కావాలంటే కంపెనీ దగ్గర పిన్ తీసుకుని మీటరులో కొట్టాలి. మిగతా కొన్ని రకాలకి పాస్‌వర్డ్ ఉంటుంది. పాస్‌వర్డ్ ఉంటే కంపెనీని అడుగు, ఇస్తే సరే. ఇవ్వకపోతే ఊహించి కొట్టే పని పెట్టుకోకు. ఆ మీటరు మనది కాదు, దాని సీలు జోలికి పోయామంటే లేనిపోని టెన్షన్.

ఇవేవీ లేకపోయినా ఇంచుమించు ప్రతి ఎలక్ట్రానిక్ మీటరు మీదా ఒక చిన్న ఎర్ర లైటు ఉంటుంది. టక్, టక్ మని వెలిగి ఆరుతూ ఉంటుంది చూడు, అదే. దాని పక్కనే యూనిట్‌కి ఎన్నిసార్లు వెలుగుతుందో రాసి ఉంటుంది, 1000 అనో 3200 అనో. 3200 ఉన్న మీటరు మీద కిలోవాట్ లోడు ఉంటే ఆ లైటు 1.125 సెకన్లకోసారి వెలుగుతుంది. వంద వాట్లే ఉంటే పదకొండు సెకన్లు పైనే ఆగాలి. ఆ లైటుకి ఎదురుగా వెలుతురుని పసిగట్టే ఫొటో ట్రాన్సిస్టర్ ఒకటి పెట్టి, బయటి వెలుతురు పడకుండా చుట్టూ నల్ల టేపు వేసి, దాన్ని ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డుకి కలిపితే సగం పని అయినట్టే. మీటరు విప్పక్కర్లేదు, వైరు ముట్టక్కర్లేదు. నీ మీటరు ఏదో ఇంకా తెలీదు కాబట్టి ఈ పద్ధతి గురించే ఎక్కువ చెప్తాను.

బోర్డుని హోమ్ అసిస్టెంట్‌తో కలిపే ఈఎస్‌పీహోమ్ అనే సాఫ్ట్‌వేర్ దాంట్లో వేస్తావు కదా, అందులో పల్సులు, అంటే ఆ లైటు ఎన్నిసార్లు వెలిగిందో, లెక్కపెట్టడానికి రెండు రకాలున్నాయి. పల్స్ కౌంటర్ అనేది ఒక నిమిషంలో ఎన్ని వచ్చాయో లెక్కపెడుతుంది. పల్స్ మీటర్ అనేది ఒక పల్సుకీ ఇంకో పల్సుకీ మధ్య ఎంత టైమ్ పట్టిందో కొలుస్తుంది. చూడ్డానికి రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ తక్కువ లోడు దగ్గర తేడా తెలుస్తుంది. యూనిట్‌కి 1000 పల్సుల మీటరు తీసుకో. నిమిషానికి ఒక్క పల్సు అంటే 60 వాట్లు. ఇంట్లో ఫ్రిజ్ ఒక్కటే వంద వాట్లు లాగుతుంటే నిమిషానికి ఒకటో రెండో పల్సులు వస్తాయి, మధ్యలో ఇంకేమీ ఉండదు. అప్పుడు గ్రాఫు 60కీ 120కీ మధ్య గెంతుతూ ఉంటుంది, వంద అన్న మాటే కనపడదు. టైమ్ కొలిచే పద్ధతిలో అయితే 36 సెకన్లు పట్టింది కాబట్టి వంద అని తిన్నగా వస్తుంది. అందుకని పల్స్ మీటరే పెట్టు. దాంట్లో టైమ్‌అవుట్ అని ఒకటి ఉంటుంది, మామూలుగా ఐదు నిమిషాలు. అంతసేపూ పల్సు రాకపోతే లోడు సున్నా అని చూపిస్తుంది. 1000 పల్సుల మీటరులో ఐదు నిమిషాలు పల్సు లేదంటే లోడు 12 వాట్ల కంటే తక్కువన్నమాట, కాబట్టి అది చాలు.

సోలార్ ఉంటే మాత్రం ఈ లైటు పద్ధతి సరిపోదు. కొన్ని మీటర్లలో కరెంటు లోపలికి వచ్చినా బయటికి పోయినా అదే లైటు అలాగే వెలుగుతుంది. మధ్యాహ్నం నువ్వు కరెంటు ఇస్తున్నావో తీసుకుంటున్నావో దానికి తెలీదు. అలాంటి ఇంటికి పోర్ట్ ఉండాల్సిందే, లేదా మెయిన్ స్విచ్ తర్వాత మన సొంత మీటరు ఒకటి పెట్టించుకోవాలి. ఆ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించు, పెట్టె మూత నువ్వు తీయకు. వైరు చుట్టూ తగిలించే చవక క్లాంపులు వాడదామని కూడా అనిపిస్తుంది నీకు. అందులో చాలా రకాలు కరెంటు ఒక్కటే కొలిచి, వోల్టేజీ ఎంతో తామే అనుకుని గుణిస్తాయి. లాగిన కరెంటులో ఎంత వంతు నిజంగా పనికొచ్చిందో చెప్పే పవర్ ఫ్యాక్టర్ చూడవు. మోటార్లు, చిన్న ఎల్ఈడీ బల్బులు ఉన్న ఇంట్లో ఆ అంకె బిల్లుతో ఎప్పటికీ కలవదు.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది. మీటరు నీకు రెండు రకాల అంకెలు ఇవ్వగలదు. ఇప్పుడు ఎన్ని వాట్లు లాగుతున్నావన్నది ఒకటి, మొదటి రోజు నుంచి ఇప్పటిదాకా ఎన్ని యూనిట్లు తిరిగాయన్నది ఇంకొకటి. అందరి కళ్లూ మొదటి దాని మీదే పడతాయి. గీజర్ వేయగానే రెండు వేలకి ఎగిరే అంకె చూస్తే ఎవరికైనా సరదాగానే ఉంటుంది. ఆ వాట్లని తీసుకుని, హోమ్ అసిస్టెంట్‌లో ఉన్న రీమన్ సమ్ అనే సాధనంతో క్షణక్షణం కూడుకుంటూ యూనిట్లుగా మార్చుకోవచ్చని కూడా చెప్తారు. అవసరమైతే తప్ప అలా చేయకు మామా. గీజర్ రెండు కిలోవాట్లు లాగుతుండగా అరగంట వైఫై పోయిందనుకో. ఆ అరగంటలో ఒక యూనిట్ ఖర్చయింది. వాట్లు కూడుకునే పద్ధతిలో ఆ యూనిట్ గల్లంతవుతుంది, లేదంటే ఇష్టమొచ్చినట్టు పడుతుంది. మొత్తం యూనిట్ల అంకె తెచ్చుకుంటే ఏ గొడవా లేదు. వైఫై రాగానే మీటరు కొత్త మొత్తం చెప్తుంది, పోయిన అరగంట అందులోనే ఉంటుంది. బిల్లు వేసేది కూడా ఆ మొత్తం మీదే. యూనిట్లకి మొత్తం అంకె, ఆటోమేషన్‌కి వాట్లు, దేని పని దానిదే.

హోమ్ అసిస్టెంట్‌లో 2021 ఆగస్టు వెర్షన్ నుంచి ఎనర్జీ డ్యాష్‌బోర్డ్, అంటే కరెంటు వాడకాన్ని గీతల్లో చూపించే పేజీ, వచ్చింది. నీ సెన్సర్ దాని జాబితాలో కనపడకపోతే కంగారు పడకు, మూడు విషయాలు చూడు. సెన్సర్ సెట్టింగుల్లో కొలమానం కిలోవాట్ అవర్ (బిల్లులో యూనిట్ అనేది అదే) లాంటిది అయి ఉండాలి, డివైస్ క్లాస్, అంటే కొలత రకం, ఎనర్జీ అని ఉండాలి, స్టేట్ క్లాస్, అంటే అంకె ఎలా మారుతుందన్నది, మీటరు మొత్తానికైతే టోటల్ ఇంక్రీజింగ్ అని పెట్టు. ఈ మూడోదానికి అర్థం, ఈ అంకె పెరుగుతూ పోవాలే గానీ తగ్గకూడదని. ఒకవేళ సున్నాకి పడిపోతే మీటరు మళ్లీ మొదలైందని అది అనుకుంటుంది. ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. నీ మీటరు 15240 దగ్గర ఉందనుకో. బోర్డు రీస్టార్ట్ అయ్యి, అసలు రీడింగు రాకముందే ఒక్కసారి సున్నా అని పంపి, తర్వాత 15240 అని పంపింది. అప్పుడు ఆ గంటలో నువ్వు పదిహేను వేల యూనిట్లు వాడావని డ్యాష్‌బోర్డ్ రాసేసుకుంటుంది. మిగతా రోజుల గీతలన్నీ ఆ ఒక్క గీత పక్కన కనపడకుండా పోతాయి. బోర్డు దగ్గరే సున్నాని వడపోసెయ్, రీడింగు లేనప్పుడు 'అందుబాటులో లేదు' అనే చెప్పేలా పెట్టు. ఒకవేళ అప్పటికే అలాంటి గీత పడి ఉంటే డెవలపర్ టూల్స్‌లో స్టాటిస్టిక్స్ దగ్గర ఆ గంట అంకెని సరిదిద్దుకోవచ్చు.

పల్సులు లెక్కపెట్టేవాళ్లకి ఇంకో పని ఉంటుంది. బోర్డు ఆగిపోయినప్పుడు వెలిగిన పల్సులు దానికి తెలీవు కాబట్టి, అప్పుడప్పుడూ మీటరు తెర మీది అంకెతో సరిచూసి మొత్తాన్ని సెట్ చేసుకోవాలి.

పీ1 లాంటి పోర్టే దొరికితే వేరే జాగ్రత్త కావాలి. సెకనుకోసారి రీడింగు అంటే రోజుకి ఒక్క సెన్సర్‌కే 86400 వరకు నమోదులు పడొచ్చు. మెమరీ కార్డు మీద నడుపుతున్నావంటే అది త్వరగా అరిగిపోతుంది. పది సెకన్లకోసారి చాలు అని ఒక వడపోత పెట్టు. వివరమైన చరిత్ర మామూలుగా పది రోజులే ఉంటుంది గానీ గంటగంటకీ వేసిన లెక్క మాత్రం చెరిగిపోదు. వచ్చే ఏడాది ఇదే నెలతో పోల్చుకోవచ్చు, అది నాకు చాలా నచ్చుతుంది.

ఇక ఆటోమేషన్. నీ ఇంటి లోడు హద్దు ఐదు కిలోవాట్లు అనుకుందాం. లోడు 4.8 దాటి పది సెకన్లు అలాగే ఉంటే గీజర్ ఆపు. ఆ పది సెకన్లు ఎందుకంటే, మోటారు వేసిన మొదటి క్షణాల్లో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, దానికే గీజర్ ఆగిపోకూడదు. మళ్లీ వేసేటప్పుడు 4.8 కిందికి రాగానే వేయకు. గీజరే రెండు కిలోవాట్లు కదా, వేయగానే మళ్లీ హద్దు దాటి ఆగుతుంది, అలా ఆగుతూ వెలుగుతూ గీజర్‌ని వేసి ఆపే స్విచ్ (రిలే) పాడవుతుంది. లోడు 2.5 కిందికి వచ్చి ఐదు నిమిషాలు నిలకడగా ఉన్నాకే వేయి. నిమిషం పాటు రీడింగే రాకపోతే ఏం చేయాలో కూడా ముందే రాసిపెట్టు. పాత అంకె చూసుకుని నిర్ణయాలు తీసుకునే ఆటోమేషన్ కంటే ఏమీ చేయకుండా ఊరుకునేదే మేలు.

వీటన్నిటికన్నా ముందు ఒక పని చెయ్. అందరూ నిద్రపోయాక, రాత్రి మూడింటికి ఎన్ని వాట్లు ఉందో చూడు. ఏడాది పొడుగునా ఆగకుండా నడిచే ఒక్క వాట్ లోడు 8.76 యూనిట్లు తింటుంది. ఆ టైములో వంద వాట్లు కనిపిస్తే ఏడాదికి 876 యూనిట్లు ఎవరూ వాడకుండానే పోతున్నట్టు. అందులో ఫ్రిజ్ వాటా ఎంత, మిగతాది ఏది అన్నది ఒక్కో ప్లగ్గూ తీసి చూస్తే గానీ తేలదు. ఆదా మొదలయ్యేది అక్కడే.

ఈ అంకెలు ఇంటి గడప దాటకుండా చూసుకో రా. మీటరు దగ్గర వాట్లు ఎలా ఎక్కి దిగుతున్నాయో చూసి ఇంట్లో ఏ పరికరం ఎప్పుడు వేశారో చెప్పొచ్చని జార్జ్ హార్ట్ అనే శాస్త్రవేత్త 1992లోనే రాశాడు. 2009లో నెదర్లాండ్స్ సెనేట్ స్మార్ట్ మీటరు తప్పనిసరి చేసే బిల్లుని ఆపడానికి ఈ భయం ఒక ముఖ్య కారణం. నువ్వు ఎప్పుడు లేస్తావో, ఎప్పుడు ఊళ్లో ఉండవో ఆ గీతలో కనపడుతుంది. కాబట్టి గ్రాఫు బాగుందని ఎక్కడపడితే అక్కడ పెట్టకు.

నీ మీటరు ముందు వైపు ఒక ఫొటో తీసి పంపు. ఎర్ర లైటు పక్కన ఉన్న అంకె, మోడల్ పేరు, గుండ్రటి చోటు ఉందో లేదో, ఇవి స్పష్టంగా కనపడాలి. అవి చూశాక ఏ సెన్సర్ కొనాలో, బోర్డులో ఏం రాయాలో విడిగా రాస్తాను. అప్పటిదాకా ఏమీ కొనకు.

ప్రేమతో,
నీ నేస్తం