తాటాకు కట్టలను ఫొటో తీసేటప్పుడు కెమెరా కంప్యూటర్‌కు కలిపి ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

గ్రంథాలయాల్లో, మ్యూజియాల్లో, ప్రైవేటు వ్యక్తుల దగ్గర ఉన్న రాతప్రతులను గుర్తించి నమోదు చేసి భద్రపరచడానికి 2025 కేంద్ర బడ్జెట్‌లో జ్ఞాన భారతం మిషన్‌ను ప్రకటించారు. కోటికి పైగా ప్రతులు దీని లక్ష్యం. ఈ పని ఊళ్లలోకి వచ్చినప్పుడు ఫొటోలు ఏ పద్ధతిలో తీయాలన్న విషయం మీద, కావలిలో 22 ఏళ్లుగా స్టూడియో నడుపుతున్నవాడిగా నా అనుభవం చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొన్నేళ్ల క్రితం పెన్న ఒడ్డున ఒక ఊళ్లో, ఒక పెద్దాయన తన తాతల నాటి వైద్య గ్రంథం కట్టను ఫొటోలు తీసిపెట్టమని నన్ను పిలిపించారు. 140 ఆకులు, రెండు వైపులా కలిపి 280 ఫొటోలు. కెమెరాను ట్రైపాడ్‌కు కిందికి చూసేలా బిగించి, మెమరీ కార్డులోకి ఒక్కరోజులో అన్నీ తీశాను. తీసిన ప్రతి ఫొటోనూ కెమెరా వెనుక ఉన్న మూడంగుళాల తెర మీద చూసుకుంటూనే ఉన్నాను, అన్నీ బాగానే ఉన్నట్టు కనిపించాయి. మూడు రోజుల తర్వాత స్టూడియోలో కంప్యూటర్ మీద తెరిచి చూస్తే, మధ్యాహ్నం ఎప్పుడో లెన్స్ బరువుకు ట్రైపాడ్ తల కాస్త జారినట్టుంది, 61వ ఆకు నుంచి ఎడమ కొస అంతా మసకబారింది. ఆ కొసన ప్రతి పంక్తిలో నాలుగైదు అక్షరాలు చదవడానికి వీలు లేకుండా పోయాయి. పెళ్లిళ్ల పనుల్లో పడి ఐదు నెలలు ఆలస్యం చేసి తిరిగి వెళ్లేసరికి పెద్దాయన కాలం చేశారు. కర్మలు అయిన తర్వాత ఆ కట్టను పెన్నలో కలిపేశామని కొడుకులు చెప్పారు. చదివేవారు లేని గ్రంథాన్ని నదికి అప్పగించడం మన పెద్దల నుంచి వస్తున్న అలవాటే కనుక వారిని తప్పుపట్టలేను. తప్పు నా పద్ధతిలో ఉంది.

ఆ మూడంగుళాల తెర ఎందుకు మోసం చేస్తుందో అంకెల్లో చూస్తే తెలుస్తుంది. మామూలు 24 మెగాపిక్సెల్ కెమెరా తీసే ఫొటో 6000 పిక్సెల్స్ వెడల్పు, 4000 పిక్సెల్స్ ఎత్తు ఉంటుంది, అంటే రెండు కోట్ల నలభై లక్షల చుక్కలు. చాలా కెమెరాల వెనుక తెర 720, 480 పిక్సెల్స్‌ది, అంటే మూడున్నర లక్షలు కూడా కాదు. డెబ్బై చుక్కలను ఒక్క చుక్కగా కుదించి చూపించే తెర మీద, తాటాకు మీద రాసే ఇనుప మొన అయిన గంటంతో గీసిన వెంట్రుకంత గీత పదునుగా వచ్చిందో లేదో చెప్పడం ఎంత అనుభవం ఉన్న కంటికైనా సాధ్యం కాదు. జూమ్ చేసి చూడవచ్చు కదా అంటారు. 280 ఫొటోల్లో ప్రతిదాన్నీ నాలుగు మూలలా జూమ్ చేసే ఓపిక, మెడ వంచి నిలబడి పనిచేసే మనిషికి పదో ఆకు దాటాక ఉండదు.

అప్పటి నుంచి ఇలాంటి పని ఏదైనా కెమెరాను యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపే చేస్తున్నాను. దీన్నే మా వృత్తిలో టెథరింగ్ అంటాం. షట్టర్ నొక్కే పని కూడా కంప్యూటర్ నుంచే జరుగుతుంది కనుక చెయ్యి తగిలి కెమెరా కదలదు. ఫొటో ఒకటి రెండు సెకన్లలో పెద్ద తెర మీదికి వస్తుంది, అసలు సైజులో కొస నుంచి కొస దాకా చూసుకున్నాకే ఆకు తిప్పుతాం. కట్ట పేరు, ఆకు సంఖ్య, ముందు వైపా వెనుక వైపా అన్నది ఫైలు పేరులో తీసేటప్పుడే పడిపోతుంది. కార్డులోనూ కంప్యూటర్‌లోనూ రెండు చోట్లా నిల్వ అయ్యేలా పెట్టుకుంటే ఒకటి చెడినా రెండోది మిగులుతుంది. ఆ ఏర్పాటు ముందే సరిచూసుకోవాలి, ఎందుకంటే కేబుల్ పెట్టగానే కార్డులో రాయడం మానేసే కెమెరాలు ఉన్నాయి.

కెమెరా ఆకుకు సమాంతరంగా ఉందో లేదో తేల్చడానికి కాగితాలను, పటాలను ఫొటో తీసే పాత కాలం కాపీ పనివాళ్ల ఉపాయం ఒకటి ఉంది. ఆకు పెట్టే చోట చిన్న అద్దం పెట్టి, లెన్స్ చూస్తున్నది అప్పటికప్పుడే ల్యాప్‌టాప్ మీద కనిపించే లైవ్ వ్యూలో లెన్స్ తన ప్రతిబింబాన్ని తానే సరిగ్గా తెర మధ్యలో చూసుకునేదాకా ట్రైపాడ్ తలను సర్దాలి. ప్రతి ఇరవై ఆకులకు ఒకసారి అద్దం పెట్టి చూస్తే చాలు, నా 61వ ఆకు గతి ఇంకో ఆకుకు పట్టదు. లైటు విషయమూ అంతే. అక్షరాలు నల్లగా కనిపించేలా మసి పూయని ఆకు మీద గీత ఆకు రంగులోనే ఉంటుంది. లైటు నెత్తి మీద నుంచి పడితే అక్షరం మాయమవుతుంది, పక్క నుంచి వాలుగా పడితే గీత అంచున సన్నని నీడ లేచి అక్షరం తేలుతుంది. ఆ నీడ ఎక్కడ లేస్తుందో పెద్ద తెర మీద చూస్తూ లైటును జానెడు ఇటూ అటూ జరుపుకోవచ్చు.

ఇంతకన్నా పెద్ద లాభం ఇంకొకటి నేను అనుకోకుండా చూశాను. కిందటేడు ఒక గుడి కట్ట పని చేస్తున్నప్పుడు, పక్క కుర్చీలో కూర్చున్న రిటైరయిన సంస్కృత పండితులు ఒకరు తెర మీద పడిన ప్రతి ఆకునూ చదువుతూ ఉన్నారు. ఒకచోట ఆపమన్నారు. ఆకు అంచున తెలుగు అంకెల్లో ౨౭ తర్వాత ౨౯ వచ్చింది. వెతికితే ౨౮ వేరే కట్టలో, వేరే గ్రంథం ఆకుల మధ్య దొరికింది. ఎప్పుడో ఎవరో దారం విప్పి మళ్లీ కట్టేటప్పుడు కలిసిపోయిన ఆకు అది. కార్డులో తీసుకుని ఇంటికి వెళ్లిపోయి ఉంటే ఆ ఆకు అక్కడే ఉండిపోయేది. చదవగలిగిన మనిషి, కట్ట, ఫొటో ముగ్గురూ ఒకే గదిలో ఒకే సమయంలో ఉండటం ఈ కేబుల్ వల్లనే వీలయింది.

ఖర్చు భయపడేటంత లేదు. కెమెరాలు, ల్యాప్‌టాప్‌లు స్టూడియోల్లో ఉన్నవే. కెమెరాను కంప్యూటర్ నుంచి నడిపే సాఫ్ట్‌వేర్లలో కానన్ వాళ్ల ఈఓఎస్ యుటిలిటీ, నికాన్ వాళ్ల ఎన్‌ఎక్స్ టెథర్ ఉచితంగా దొరుకుతాయి. విండోస్‌లో డిజిక్యామ్‌కంట్రోల్, లినక్స్‌లో ఎంటాంగిల్ కూడా ఉచితమే. మన కెమెరా మోడల్‌కు అవి పనిచేస్తాయో లేదో ముందు చూసుకోవాలి. కేబుల్ మాత్రం చవకది కొనకూడదు, యూఎస్‌బీ 2.0 అయితే ఐదు మీటర్లు దాటకూడదు, దాన్ని ట్రైపాడ్ కాలికి ఒక చుట్టు చుట్టి కట్టాలి. ఎవరి కాలైనా తగిలితే కెమెరా పోర్టు విరిగిపోతుంది. ఫోన్‌లో స్కాన్ చేసే యాప్‌లు ఈ పనికి వద్దని గట్టిగా చెబుతున్నాను. అవి ఆకు మరకలను తుడిచి, గీతలను తమకు తోచినట్టు పదును చేసి చూపిస్తాయి, ఏది గంటం గీతో ఏది పురుగు తిన్న దారో తేడా తెలియకుండా పోతుంది.

ఉమ్మడి నెల్లూరు జిల్లా రాతి శాసనాలను, రాగి శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి గార్లు 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చువేయించారు. అటకల మీద రామబాణం పురుగులు తింటున్న తాటాకుల పని ఇప్పుడైనా జరగాలి. అందుకని సంబంధిత అధికారులకు నా విన్నపాలు ఇవి. ఫొటోల పని ఎవరికి అప్పగించినా కెమెరాను కంప్యూటర్‌కు కలిపి, ప్రతి ఆకునూ అక్కడికక్కడే సరిచూసి తీయాలన్న షరతు ఒప్పందంలో రాయాలి. ఆ ఊరి లిపి చదవగలిగిన వారిని తెర ముందు కూర్చోబెట్టి వారికి రోజు కూలి ఇవ్వాలి. కట్టను ఆ ఇంటి గడప దాటించకుండా, ఫొటోల ప్రతి ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఇంటివారి చేతికి ఇవ్వాలి. పనికి మనుషులు ఎక్కడ దొరుకుతారన్న ప్రశ్నే లేదు. ఆషాఢంలోనూ మూఢాల్లోనూ నెల్లూరు నుంచి ఒంగోలు, కనిగిరి దాకా పెళ్లిళ్లు లేక స్టూడియోలన్నీ ఖాళీగా ఉంటాయి. మూడు రోజులు నేర్పిస్తే ఈ పని చేయగలిగిన కుర్రాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

వచ్చే ఆషాఢంలో ఉదయగిరి వైపు ఒక ఇంట్లో 90 ఆకుల కట్ట తీయడానికి ఒప్పుకున్నాను. పని చూసి నేర్చుకోదలచిన స్టూడియో మిత్రులు తమ కెమెరా, ల్యాప్‌టాప్, మంచి కేబుల్ తెచ్చుకుని రావచ్చని ఇంటివారు అనుమతి ఇచ్చారు.

ఇట్లు,
ఒక స్టూడియో ఫొటోగ్రాఫర్,
కావలి, నెల్లూరు జిల్లా.