హోం మంత్రి గారికి బహిరంగ లేఖ: బాణసంచా కాల్చే పని మాకు నేర్పించండి

ఆంధ్రప్రదేశ్ హోం, విపత్తు నిర్వహణ శాఖల మంత్రి శ్రీమతి వంగలపూడి అనిత గారికి,

నమస్కారం.

మాది కోనసీమ. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేశాను. మా పెదనాన్న జట్టుతో పెళ్ళిళ్ళకీ, తీర్థాలకీ, అమ్మవారి సంబరాలకీ బాణసంచా కాల్చడానికి వెళ్తుంటాను. ఈ పనినే వృత్తిగా పెట్టుకోవాలని, పద్ధతిగా నేర్చుకుని, పరీక్ష రాసి, సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని చేయాలని నా కోరిక. ఎక్కడ నేర్పుతారో చెప్పేవాళ్ళు మాత్రం నాకు దొరకలేదు. ఇది నా ఒక్కడి ఉద్యోగం సంగతైతే ఇలా బహిరంగంగా రాసేవాణ్ణి కాదు.

2025 ఏప్రిల్ 13న మీ నియోజకవర్గంలోనే, కోటవురట్ల మండలం కైలాసపట్నంలో, బాణసంచా తయారీ కేంద్రం పేలి 8 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబరు 8న మా జిల్లా రాయవరంలో ఇంకో కేంద్రం పేలింది. అక్కడా యజమానితో పాటు కూలికి వెళ్ళినవాళ్ళు పోయారు. పేలుడు జరిగిన ప్రతిసారీ అధికారులు షెడ్లు తనిఖీ చేస్తారు, కొన్నిటికి సీలు వేస్తారు, లైసెన్సు కాగితాలు అడుగుతారు. అవన్నీ జరగాల్సిందే. కానీ ఆ షెడ్డులోకి కొత్త కుర్రాళ్ళు ఎందుకు వస్తున్నారో కూడా ఎవరైనా అడగాలి.

మా వైపు బాణసంచా తయారు చేసేదీ కాల్చేదీ చాలాచోట్ల ఒకరే. తీర్థానికి బేరం కుదుర్చుకున్నవాడే పేలుడు మందు కలుపుతాడు, పైకెగిరి పేలే గుండ్లు చుడతాడు, వత్తులు పెడతాడు, మోసుకొస్తాడు, అంటిస్తాడు. ఆకాశంలో రంగులు చూసి ఈ పని మీద మోజు పడ్డ కుర్రాడు ముందు వెళ్ళి కూర్చోవాల్సింది మందు కలిపే షెడ్డులోనే. అక్కడ రెండు మూడు సీజన్లు చాకిరీ చేస్తేనే మైదానంలో వత్తి అంటించే అగరొత్తి చేతికిస్తారు. కాల్చడం నేర్చుకోవాలంటే తయారీలో ప్రాణం పణంగా పెట్టాలన్నమాట. నిజానికి ఈ రెండూ వేర్వేరు పనులు. కాల్చేవాడు మందు కలపక్కర్లేదు. లైసెన్సున్న ఫ్యాక్టరీలో తయారై, ఏ సైజు గుండు ఎంత ఎత్తుకు వెళ్తుందో ముందే తెలిసిన సరుకు కొని, దాన్ని సరిగ్గా అమర్చి, సరిగ్గా పేల్చడమే అతని పని. కాల్చేవాళ్ళకు ప్రత్యేకంగా శిక్షణ, గుర్తింపు ఉంటే ఊరి చివర షెడ్లలో మందు కలపాల్సిన అవసరం చాలావరకు తగ్గుతుంది. నేను మిమ్మల్ని అడిగేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

కాల్చడంలో నేర్చుకోవడానికి ఏముంది, వత్తి అంటించి పరిగెత్తడమే కదా అని చాలామంది అనుకుంటారు. మంత్రి గారూ, అసలు విద్యంతా వత్తి అంటించడానికి ముందే ఉంది. ఆకాశంలో పూలగుత్తిలా విచ్చుకునే గుండును ఒక గొట్టంలోకి దించుతాం. అడుగున ఉన్న మందు దాన్ని పైకి తంతుంది. పైకి వెళ్తుండగా లోపల ఇంకో చిన్న వత్తి కాలుతుంటుంది. అది చివరికి వచ్చేసరికి గుండు పై ఎత్తులో ఉండాలి. అడుగు మందు చెమ్మగిల్లినా, గొట్టానికి గుండు సైజు సరిపోకపోయినా, అది సగం ఎత్తులోనే, ఒక్కోసారి గొట్టంలోనే పేలుతుంది. అందుకే గొట్టం ఏ దినుసుతో చేసిందో చూడాలి. ఇసుకలో ఎంత లోతుకు పాతాలో, జనానికి దూరంగా ఎటు వంచాలో తెలియాలి. ఒక గొట్టం పగిలితే పక్కవి జనం వైపు ఒరగకుండా చట్రం బిగించాలి. గాలి ఎటు వీస్తోందో, ఆ దిక్కున గడ్డివాములూ తాటాకిళ్ళూ కరెంటు తీగలూ ఉన్నాయేమో చూసుకోవాలి. కొబ్బరితోటల మధ్య ఖాళీ జాగాలో కాల్చే మాలాంటి వాళ్ళకు ఈ చివరిదే పెద్ద టెన్షన్.

దూరం గురించి వివరంగా చెప్పాలి. అమెరికాలో బహిరంగ ప్రదర్శనలకు పాటించే, అక్కడి అగ్నిప్రమాద నివారణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ రాసిన 1123 నంబరు ప్రమాణంలో లెక్క తేలిగ్గా ఉంటుంది: గుండు వ్యాసం అంగుళానికి 70 అడుగుల చొప్పున జనాన్ని దూరంగా ఉంచాలి. 3 అంగుళాల గుండుకు 210 అడుగులు, 6 అంగుళాల గుండుకు 420. నిలువుగా నిలబెట్టిన గొట్టాలకు ఇది కనీస దూరం. ఈ లెక్క తెలిసిన మనిషి ఉంటే, మైదానం చూడగానే ఇక్కడ 6 అంగుళాలవి కుదరవు, 3 అంగుళాలతో సరిపెట్టుకోండి అని కమిటీ వాళ్ళకు చెప్పేస్తాడు. మా దగ్గర ఆ మాట చెప్పేవాడు లేడు. ఉన్నా వినరు, ఎందుకంటే అతని మాటకు వెనక ఏ కాగితమూ లేదు. పెద్ద గుండ్లు కాల్చనన్నాడని పక్క జట్టుకు బేరం ఇచ్చేస్తారు. జాగ్రత్తగా ఉండేవాడే నష్టపోయే పని ఇది ఇవాళ.

కేరళలో జరిగింది చూడండి. 2016 ఏప్రిల్ 10 తెల్లవారుజామున కొల్లం జిల్లా పరవూరు పుట్టింగల్ గుడిలో వంద మందికి పైగా చనిపోయారు. జిల్లా అధికారులు అనుమతి నిరాకరించినా పోటీపడి బాణసంచా కాల్చారు. కాలుతున్న బాణసంచా వచ్చి నిల్వ ఉంచిన గది మీద పడింది. ఆ తర్వాత ఎనిమిదేళ్ళకు, 2024 అక్టోబరు 28 రాత్రి, కాసరగోడ్ జిల్లా నీలేశ్వరంలో గుడి దగ్గర తెయ్యం అనే వేడుక జరుగుతుండగా మళ్ళీ అలాగే నిప్పురవ్వలు నిల్వ ఉన్న చోట పడి 150 మందికి పైగా గాయపడ్డారు. రెండుచోట్లా మందు నిల్వ, కాల్చే జాగా పక్కపక్కనే ఉన్నాయి. శిక్షణ పొందినవాడికి మొదటి రోజే చెప్పే పాఠం ఇది. 2024 అక్టోబరులో కేంద్రం ఎక్స్‌ప్లోజివ్స్ నిబంధనలు సవరించి ఈ రెంటి మధ్య 200 మీటర్ల దూరం ఉండాలంటే, కేరళలోని త్రిస్సూర్ పూరం ఉత్సవం నిర్వహించే దేవస్వాలు (గుడి పాలక మండళ్ళు) తమ మైదానంలో అది వీలు కాదని గట్టిగా అభ్యంతరం చెప్పాయి. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. వందల ఏళ్ళుగా జరుగుతున్న వేడుక ఆగిపోతుందంటే ఏ ఊరికైనా బాధే. కానీ దూరం లేనిచోట గుండ్ల సైజు తగ్గించాలి, ఒకేసారి తెచ్చే సరుకు తగ్గించాలి. ఆ లెక్కలు వేయగలిగే మనిషి మైదానంలో ఉండాలి. కాగితం మీద షరతు పెంచుకుంటూ పోయి, దాన్ని అమలు చేసే మనిషిని తయారు చేయకపోతే ఆ షరతు నోటీసు బోర్డు మీదే ఉండిపోతుంది.

నా అనుభవం ఒకటి చెప్తాను. ఈ పనికి సర్టిఫికెట్ ఎలా తీసుకోవాలని మా జిల్లాలో ఒక ఆఫీసులో అడిగాను. ఇంకో ఆఫీసుకు వెళ్ళమన్నారు. అక్కడివాళ్ళు ఇది కేంద్రం చూసేది, మాకు సంబంధం లేదన్నారు. మరొకచోట అయితే దుకాణం పెట్టుకుని బాణసంచా అమ్మే లైసెన్సు దరఖాస్తు చేతిలో పెట్టారు. ఎవరూ విసుక్కోలేదు, మర్యాదగానే మాట్లాడారు. అయితే కాల్చడం కూడా ఒక వృత్తి అని, దానికి ఒక మనిషి తయారవ్వాలని వాళ్ళలో ఎవరికీ తోచినట్టు లేదు. నాకు కోపం కన్నా దిగులే ఎక్కువేసింది.

పేలుడు పదార్థాల చట్టం 1884 నాటిది, నిబంధనలు 2008 నాటివి. వాటిని చూసే పెసో సంస్థ నాగపూర్ ప్రధాన కేంద్రంగా, కేంద్ర వాణిజ్య పరిశ్రమల శాఖ కింద పనిచేస్తుంది. సర్టిఫికెట్ ఇవ్వడం మీ చేతిలో లేదని నాకు తెలుసు. నేర్పించడం మాత్రం మీ చేతిలో ఉంది. అగ్నిమాపక శాఖ మీదే. పోలీసులు మీవాళ్ళే. ప్రదర్శనకు అనుమతి అడగాలన్నా, పెద్ద తీర్థానికి ఫైరింజను కావాలన్నా జనం తిరిగేది జిల్లా యంత్రాంగం చుట్టూనే.

వేరే దేశాల్లో ఎలా తయారు చేస్తారో తెలుసుకుని ఆశ్చర్యపోయాను. జర్మనీలో పెద్ద బాణసంచా కాల్చే అర్హత కావాలంటే ముందు 26 ప్రదర్శనల్లో అనుభవజ్ఞుల కింద సహాయకుడిగా పనిచేసినట్టు రుజువు చూపాలి. ఆ తర్వాతే కోర్సు, పరీక్ష. జపాన్‌లో కాల్చే ప్రతి మనిషి దగ్గరా భద్రతా శిక్షణ పొందినట్టు చూపే ఒక చిన్న పుస్తకం ఉంటుంది. నాకు బాగా నచ్చింది జర్మనీ పద్ధతి, ఎందుకంటే అది మనకు కొత్త కాదు. పెద్దవాళ్ళ కింద పనిచేస్తూ నేర్చుకోవడం మా ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది. మా పెదనాన్న దగ్గర నేను చేస్తున్నదీ అదే. తేడా ఏమిటంటే అక్కడ ఆ పనిదినాలు ఒక పుస్తకంలో ఎక్కుతాయి, సంతకం పడుతుంది, ఒకనాటికి అర్హత అవుతుంది. ఇక్కడ ఎన్నేళ్ళు చేసినా లెక్కలోకి రాదు.

అందుకే మొదట ఒక లాగ్‌బుక్ ఇవ్వండి. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకే, జిల్లా అగ్నిమాపక శాఖ ముద్రతో. ఎక్కడ కాల్చారు, ఏ సైజు గుండ్లు, ఎవరి ఆధ్వర్యంలో, కాలకుండా మిగిలినవి ఎన్ని, వాటిని ఏం చేశారు, అన్నీ అందులో రాయాలి. దీనికి పెద్ద ఖర్చేమీ అవదు.

దాని తర్వాత ఒక చిన్న కోర్సు. మా జిల్లాలోనో, అనకాపల్లిలోనో ఒక ప్రభుత్వ ఐటీఐలో పెట్టవచ్చు. అగ్నిమాపక అధికారులు, పెసో నుంచి వచ్చినవాళ్ళు, చేయి తిరిగిన మా పెద్దవాళ్ళు కలిసి చెప్పాలి. చేత్తో వత్తి అంటించడం మానిపించి, దూరం నుంచి స్విచ్చుతో పేల్చే పద్ధతి నేర్పాలి. ఎలక్ట్రిక్ మ్యాచ్‌లు (కరెంటుతో అంటుకునే వత్తులు), వాటిని పేల్చే స్విచ్చులుండే ఫైరింగ్ బాక్సులు వాడటం ఎలక్ట్రీషియన్ చదివిన కుర్రాళ్ళకు కష్టం కాదు. ఆ వైర్లు కలిపేటప్పుడు పాటించాల్సిన క్రమం తెలియకపోతే అగరొత్తి కన్నా అదే ప్రమాదం, కాబట్టి యూట్యూబ్ చూసి నేర్చుకునే పని కాదు ఇది. గుండు కాలకపోతే వెంటనే గొట్టం దగ్గరికి వెళ్ళకూడదని, తల ఎప్పుడూ గొట్టం మీదకు వంచకూడదని, పాలిస్టర్ చొక్కా వేసుకుని ఈ పనికి రాకూడదని ఒక అధికారి నోట వింటే మా కుర్రాళ్ళు వింటారు. ఇంట్లో పెద్దవాళ్ళు చెప్తే చాదస్తం అంటారు.

ఇక అనుమతి పత్రంలో కాల్చే ముఖ్య ఆపరేటర్ పేరు రాయమనండి. నేను చూసినంతలో కమిటీ అధ్యక్షుడి పేరు, గుడి పేరు ఉంటే చాలు. ఏ సైజు వరకు కాలుస్తారు, జనం ఎంత దూరంలో ఉంటారు, నిల్వ ఎక్కడ ఉంటుంది అని చేత్తో గీసిన పటమైనా జతచేయమనండి. ఆ రోజు సాయంత్రం గాలి ఎక్కువగా ఉందని ఆపరేటర్ ఆపేస్తే, అతని మాటే చెల్లేలా రాయండి. డబ్బులు ఎగ్గొట్టకూడదని కూడా రాయండి. మా వాళ్ళు ఆపలేకపోవడానికి సగం కారణం ఆ డబ్బుల భయమే. కాల్చే జట్టుకు బీమా లేకుండా అనుమతి ఇవ్వొద్దు. కమిటీలు లక్షలు పెట్టి సరుకు కొంటాయి, బీమాకు కొద్ది డబ్బు పక్కన పెట్టడం వాళ్ళకు భారం కాదు.

పాతవాళ్ళను మాత్రం పక్కకు నెట్టేయకండి. మా పెదనాన్న పెద్దగా చదువుకోలేదు. ఆయన చేతి మీద కాలిన మచ్చలు ఉన్నాయి. గుండు చేత్తో పట్టుకుని చెమ్మ పట్టిందో లేదో చెప్పేస్తారు. రాత పరీక్ష పెట్టి ఆయన్ని తప్పించేస్తే రెండు నష్టాలు: ఆయనకు తెలిసింది పోతుంది, దొంగచాటు బేరాలు పెరుగుతాయి. అలాంటివాళ్ళకు నోటితో అడిగి, పని చేయించి చూసి అర్హత ఇవ్వండి.

బాణసంచానే మొత్తం ఆపేస్తే పోదా అని కొందరంటారు. పొగ గురించి, శబ్దం గురించి వాళ్ళు చెప్పేదాంట్లో న్యాయం ఉంది. సుప్రీంకోర్టు 2018లో సరాల టపాకాయలను నిషేధించింది, పచ్చ రంగు కోసం కలిపే బేరియం లవణాలు వాడొద్దంది. శిక్షణ ఉన్న ఆపరేటర్ అయితే ఏది వాడకూడదో తెలుసుకుని తెస్తాడు. కొత్తపేట ప్రభల తీర్థానికి వచ్చిన జనాన్ని చూసినవాళ్ళెవరూ ఈ వేడుకలు ఒక జీవోతో ఆగిపోతాయని అనుకోరు. ఆపేస్తే చాటుగా జరుగుతాయి, చాటుగా జరిగేచోట ఫైరింజను ఉండదు.

2024 అక్టోబరులో విజయవాడ పున్నమి ఘాట్ మీద 5,500కు పైగా డ్రోన్లతో ప్రదర్శన జరిగింది. రాష్ట్రమంతా గర్వపడ్డాం, నేనూ పడ్డాను. డ్రోన్ ఎగరేసే కుర్రాడికి శిక్షణ కేంద్రం ఉంది, పరీక్ష ఉంది, పైలట్ సర్టిఫికెట్ ఉంది. కొత్త పనికి ఇంత త్వరగా దారి వేయగలిగినప్పుడు తరతరాల పనికి వేయలేమా? 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. పెద్ద జనం చేరే ఘాట్ల దగ్గర ఎవరు, ఏం కాలుస్తారో ఇప్పటినుంచే తేల్చుకోవాలి.

ముందుగా మా ఉమ్మడి తూర్పుగోదావరి, అనకాపల్లి జిల్లాల్లో కాల్చే జట్లను పిలిపించి ఒక్క సమావేశం పెట్టండి. కేసులు పెడతారన్న భయం లేకుండా రమ్మని మీ నోటితో చెప్తే వస్తారు. మా జట్టును తీసుకొచ్చే బాధ్యత నాది. మొదటి బ్యాచ్‌లో నా పేరు రాసుకోండి.

ఇట్లు,
బాణసంచా కాల్చే పని నేర్చుకుంటున్న
ఒక కోనసీమ కుర్రాడు