తోడేలు బొరియకు పొగ పెడితే మందకు రక్షణ దొరకదు

సంపాదకులకు నమస్కారం.

మా ప్రాంతంలో ఒక గుట్ట కింద బొరియను తవ్వి తోడేలు పిల్లలను బయటికి లాగుతున్న దృశ్యాలు ఇటీవల వాట్సాప్‌లో తిరిగాయి. చూసినవారిలో కొందరు శభాష్ అన్నారు, కొందరు గొర్ల కాపరులను నోటికొచ్చినట్లు తిట్టారు. పశుసంవర్ధక శాఖలో పనిచేసి, ఉద్యోగకాలంలో ఎక్కువ భాగం మందల మధ్యనే గడిపిన నాకు ఆ శభాష్ అన్నమాటా నచ్చలేదు, ఆ తిట్లూ నచ్చలేదు.

మన దక్కన్ తోడేళ్లు వానాకాలం పోయాక జతకట్టి, రెండు నెలలు మోసి, ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలల్లో ఈనుతాయి. కళ్లు తెరవని పిల్లలను వదిలి తల్లి మొదటి వారాల్లో దూరం పోలేదు కాబట్టి, తండ్రి తోడేలు, దానితోపాటు ముందటి ఏడాది పుట్టి ఇంకా గుంపును విడవని పిల్లలు వేటకు వెళ్లి, తిన్న మాంసాన్ని కడుపులోనే మోసుకొచ్చి, బొరియ దగ్గర కక్కి పెడతాయి. కొంచెం ఎదిగిన పిల్లలు ఎదురొచ్చి పెద్దవాటి మూతి నాకితే చాలు, ఆ మాంసం బయటపడుతుంది. మిగతా రోజుల్లో ఎక్కడ వేట దొరికితే అక్కడికి సాగిపోయే గుంపు, ఈ రెండు మూడు నెలలు మాత్రం ఎటు పోయినా తిరిగి ఆ బొరియ దగ్గరికే రావాలి. సరిగ్గా అప్పుడే మన దిక్కు కోతలైన చేలల్లో ఎరువు కోసం మందలు కట్టిస్తారు. చలికాలం ఈతల గొర్రెపిల్లలు గంపల కింద ఉంటాయి. దగ్గరలో కుందేలో జింకపిల్లో దొరకని తోడేలుకు ఆ మంద మీద కన్ను పడటంలో వింతేముంది?

పిల్లలను మేపాల్సి రావడం వల్లే మందల మీద దాడి పెరుగుతుందా అన్నది అమెరికాలో కయోటీ అనే జంతువు విషయంలో పరీక్షించి చూశారు. అది మన నక్క కన్నా పెద్దది, తోడేలు కన్నా చిన్నది. అక్కడి గొర్రెల పెంపకందార్లకు ప్రధాన శత్రువు. యూటా రాష్ట్రంలో కొన్ని కయోటీ జంటలకు పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేసి గమనిస్తే, పిల్లలున్న జంటల కన్నా అవి గొర్రెలను తక్కువగా చంపినట్లు తేలింది. అంటే వేటను పెంచేది పిల్లల ఆకలి. ఇది విని, అయితే పిల్లలను చంపితే సరిపోతుంది కదా అనేవారు ఉంటారు. అమెరికాలో ఆ పని కూడా చేశారు. కానీ కయోటీలు అక్కడ లక్షల్లో ఉన్నాయి. ఒక జంటను చంపితే ఆ జాగాలోకి ఇంకొక జంట వస్తుంది. మన దేశం మొత్తం మీద తోడేళ్లు సుమారు 3 వేలు. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు కనుక, దాన్ని చంపినవారికి 3 నుంచి 7 సంవత్సరాల జైలు పడవచ్చు.

చట్టం మాట పక్కన పెట్టినా, పొగ పెట్టడం వల్ల కాపరికి ఒరిగేదేమీ లేదు. అలికిడి తగిలిన తల్లి పిల్లలను ఒక్కొక్కటిగా నోట కరచుకొని ఇంకొక బొరియకు మారుస్తుంది. వేట ఆగదు, చోటు మాత్రమే మారుతుంది. మగతోడేలు చస్తే ఒంటరిగా మిగిలిన తల్లి జింకను తరిమి పట్టలేదు; తేలికగా అందేది గొర్రెపిల్లే. ఇక చచ్చిన గొర్రె మీద పురుగుమందు గుళికలు చల్లి వదిలేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే: ఆ మాంసం మొదట తినేది చాలాసార్లు మందను కాసే కుక్కే.

ఇంకొక సంగతి. తోడేలు కొట్టిందని చూపించిన ప్రతి గొర్రెనూ తోడేలు కొట్టలేదు. తోడేలు సాధారణంగా గొంతు పట్టి చంపుతుంది, చిన్నపిల్ల అయితే ఎత్తుకుపోతుంది. ఊరకుక్కల గుంపు పడితే తొడలు, తోక దగ్గర చీల్చిన గాయాలతో నాలుగైదు గొర్రెలు తినకుండానే పడి ఉంటాయి. నష్టపోయినవాడికి రెండూ ఒకటే, నిజమే; కానీ కుక్కల పనికి బొరియ తవ్వితే మరునాడు కుక్కలు మళ్లీ వస్తాయి. కృష్ణా, మాగనూరు మండలాల్లో కృష్ణజింకలు చేలు మేస్తున్నాయని మొరపెట్టుకుంటున్న రైతులు కూడా ఒక్కమాట ఆలోచించాలి. ఆ జింకలను వేటాడే జంతువు మన బీడు భూముల్లో తోడేలు తప్ప వేరే ఏముంది?

కాపరులను తిట్టేవారికీ ఒక మాట. 2019 పశుగణన ప్రకారం రాష్ట్రంలో గొర్రెలు 1.9 కోట్లకు పైగా ఉన్నాయి, దేశంలో మనదే మొదటి స్థానం. 2017లో మొదలైన పథకం కింద ఒక్కో కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చారు. మందలు పెరిగాయి, మేపే బీళ్లు తగ్గాయి. గుట్టలు క్వారీలకు, బీళ్లు వెంచర్లకు పోతున్నాయి. కాపరీ తోడేలూ ఒకే ఇరుకులో పడ్డారు. ఒక్క రాత్రిలో మూడు పిల్లలు పోయినవాణ్ణి ఓపిక పట్టమనడానికి మనకు నోరెలా వస్తుంది?

అటవీ శాఖ సిబ్బంది చూపు ఎక్కువగా అమ్రాబాద్ అడవి మీదే ఉంటుంది. తోడేలు ఈనేది మాత్రం రెవెన్యూ గుట్టల్లో, వాగు గట్లలో. ఆ బొరియలు ఎక్కడున్నాయో కాపరులకు తెలుసు. కాబట్టి డిసెంబరు నుంచి మార్చి వరకు వారి సాయంతోనే వాటిని గుర్తించి, ఆ దగ్గరి క్వారీల్లో పేలుళ్లు ఆపించాలి. చేలల్లో మంద కట్టేవారికి నిలువెత్తు ఇనుప వల, రాత్రిపూట దీపాలు రాయితీపై ఇప్పించాలి. గొర్రె చచ్చిన రోజే పశువైద్యుడు, అటవీ అధికారి కలిసి వచ్చి గాయం చూసి రాసుకోవాలి. పరిహారం ఆ ఈతకాలం దాటకముందే కాపరి చేతికి అందాలి. ఈ సంవత్సరానికి కనీసం ఆ చివరి పని ఒక్కటైనా మొదలుపెట్టాలని జిల్లా అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత పశుసంవర్ధక శాఖ ఉద్యోగి,
మక్తల్, నారాయణపేట జిల్లా